ఐదు నిమిషాల కోత

పెద్ద ఛానెళ్లకు మీటర్లుంటాయి. ఊరికి కొన్ని ఇళ్లు ఎంచుకుని టీవీకి ఒక పెట్టె తగిలిస్తారు. ఏ ఇంట్లో ఏ ఆట ఎంతసేపు చూశారో ఆ పెట్టె చెబుతుంది. దాన్నిబట్టి యాడ్‌ల రేటు, ఆ రేటునుబట్టి ఏ ఆట వేయాలో ఏది పక్కన పెట్టాలో తేలుతుంది. మా 'తీరం' కేబుల్ ఛానెల్‌కు అంత భాగ్యం ఎక్కడిది? ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన రెండు గదులు, మూడు కెమెరాలు, ఒకే ఒక్క లైవ్ వ్యాను. కింద పిల్లలు ఎంట్రన్సు లెక్కలు చేస్తుంటే, పైన మేం విశాఖ జనం ఏం చూస్తున్నారో లెక్క కట్టేవాళ్లం.

ఆ లెక్కకు ఉపాయం కనిపెట్టింది నేనే. లైవ్ నడుస్తుండగా చెప్పాపెట్టకుండా ఐదు నిమిషాలు ప్రసారం ఆపేస్తాం. ఇళ్లలో తెర నీలంగా అయిపోతుంది. ఆ ఐదు నిమిషాల్లో మా కంప్లైంట్ నంబరుకు ఎన్ని ఫోన్లు వస్తే ఆ ఆటకు అంత ఆదరణ ఉన్నట్టు. దానికి 'కోత' అని పేరు పెట్టుకున్నాం. ఫోన్లెత్తే నీలిమ ఒక్కో ఫోనుకు నోట్‌బుక్‌లో ఒక్కో గీత గీసేది. తిట్టినవాడికి రెండు గీతలు. తిట్టేంత కోపం వచ్చిందంటే వాడు మనసు పెట్టి చూస్తున్నట్టేగా! ఈ రెండు గీతల నియమం కూడా నాదే. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

నా పేరు దొరబాబు. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికని కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. 'తీరం'లో ఆటల కార్యక్రమాలన్నీ నా చేతిలో ఉంటాయి. యజమాని సాయిశంకర్ నన్ను బావా అని పిలుస్తాడు గానీ, మాకు ఏ చుట్టరికమూ లేదు.

ఆ నెలలో ఒక చిక్కు వచ్చింది. ఒకే ఆదివారం, ఒకే పది గంటలకు రెండు ఫైనల్స్ పడ్డాయి. ఒకటి రుషికొండలో ఐటీ కంపెనీల క్రికెట్ లీగ్. భీమిలి రోడ్డులో ప్లాట్లు అమ్మే సంస్థ దానికి స్పాన్సరు. రెండోది అగనంపూడి వైపు నిర్వాసితుల కాలనీలో ఆడపిల్లల కబడ్డీ. ఉక్కు ఫ్యాక్టరీకి పొలాలిచ్చేసిన ఊళ్లవాళ్లు అక్కడ ఉంటారు. ఉన్నది ఒక్క వ్యాను. అది రుషికొండన్నా వెళ్లాలి, అగనంపూడన్నా వెళ్లాలి.

కబడ్డీ నడిపేది చిలకమ్మ. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు జిల్లా జట్టులో ఆడిందట. ఇప్పుడు ప్లాంటు క్యాంటీన్‌లో కాంట్రాక్టు పని. తెల్లవారుజామున కాలనీ పిల్లలకు ఆట నేర్పి, ఆ తర్వాత డ్యూటీకి వెళుతుంది. బనీన్లు, మ్యాట్లు, భోజనాలు, కప్పు, అన్నీ గాజువాకలో హార్డ్‌వేర్ షాపున్న ఎల్లాజీ గారు పెట్టుకుంటున్నారు. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు. ఫైనల్ టీవీలో లైవ్ వస్తే వచ్చే ఏడు కూడా టోర్నమెంటు ఉంటుంది, రాకపోతే ఇదే ఆఖరు. ఆ సంగతి చిలకమ్మ మొదటిరోజే నాకు చెప్పింది. తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదు.

ముందు ఆదివారం సెమీఫైనల్ వేశాం. సగం ఆట అయ్యాక కోత పెట్టాను. నీలిమ పెన్ను పట్టుకుని కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. మూడు గడిచాయి. నీలిమ ఫోను ఎత్తి, పనిచేస్తోందో లేదో చూసి పెట్టేసింది. ఐదు నిమిషాలూ అయిపోయాయి. ఒక్కటంటే ఒక్క గీత పడలేదు. క్రికెట్ లీగ్‌కు కిందటి నెలలో ఇదే కోత పెడితే తొంభై ఒక్క గీతలు. అందులో నలుగురు మా ఇంటిల్లిపాదినీ తలుచుకున్నారు.

"ఇంకేటుంది బావా, తేలిపోయింది కదా. వ్యాను రుషికొండ పంపిచ్చీ" అన్నాడు సాయిశంకర్.

బుధవారం చిలకమ్మ ఆఫీసుకు వచ్చింది. క్యాంటీన్ యూనిఫారంలోనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫైనల్ వేయలేమని చెప్పాను. ఎందుకని అడిగింది. సెమీఫైనల్‌లో ఐదు నిమిషాలు ప్రసారం పోయిందని, ఒక్కరు కూడా ఫోన్ చేయలేదని చెప్పాను. ప్రసారం తనంతట తానే పోయినట్టు చెప్పాను.

"నిజంగా ఒక్కలూ సెయ్నేదా బాబూ?"

"ఒక్కరూ లేరమ్మా. లెక్క లెక్కే కదా."

"గ్రౌండ్ కాడ జనం బాగానే ఉన్నారు మరి."

"గ్రౌండ్‌లో రెండొందల మంది ఉంటారేమో. మాకు లక్ష ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో ఎవరు చూస్తున్నారన్నదే మాకు ముఖ్యం."

ఆవిడ వాదించలేదు. నేను ఎదురుచూసింది వాదన. నాలుగు మాటలంటుంది, నేను రెండు సర్దిచెబుతాను, అయిపోతుంది అనుకున్నాను. ఆవిడ నేలకేసి చూస్తూ, "సూడ్నోలికి బలవంతంగా సూపించలేం కదా" అంది. కనీసం ఆ సెమీఫైనల్ రికార్డింగు ఇప్పించమని అడిగింది. యశస్విని అనే పిల్ల తన ఆట తాను ఎప్పుడూ చూసుకోలేదట. శనివారం కాపీ చేసి పెడతానన్నాను.

శనివారం మధ్యాహ్నం కాపీకి కూర్చున్నాను. కోత పెట్టినప్పుడు ఇళ్లకు వెళ్లే ప్రసారం ఆగుతుంది గానీ గ్రౌండ్‌లో కెమెరాలు ఆగవు. వాటిపని అవి చేసుకుపోతుంటాయి. అందుకని ఎవరూ చూడని ఆ ఐదు నిమిషాలూ రికార్డింగులో ఉన్నాయి. తీసేద్దామని అక్కడిదాకా జరిపాను.

తెర మూలన టైము కనబడుతోంది. పదీ నలభై రెండుకు కోత మొదలైంది. అప్పటికి కోర్టు వెనక గోడ వారన నలభైమందో యాభైమందో ఉన్నారు, అందులో సగం చిన్నపిల్లలు. పదీ నలభై ఐదుకు గేటులోంచి నలుగురు ఆడవాళ్లు గబగబా వచ్చారు. ఒకామె చేతికి పిండి ఉంది. వాళ్ల వెనక ఒక ఆటో ఆగింది, అందులోంచి ఏడుగురు దిగారు. లుంగీ ఎగ్గట్టుకుని ఒకాయన గోడ ఎక్కేశాడు. పదీ నలభై ఏడుకల్లా జనంతో గోడ కనబడలేదు. అందరూ ఆయాసపడుతున్నారు, ఒకరినొకరు స్కోరు అడుగుతున్నారు. వాళ్ల మధ్యలో ఒక ముసలావిడ మనవరాలి భుజం పట్టుకుని నిలబడి ఉంది. రెండో చేతిలో టీవీ రిమోటు.

నేను దాన్ని అక్కడే ఆపాను. చాలాసేపు ఆ రిమోటు చూస్తూ కూర్చున్నాను. టీవీ ఆగిపోతే రుషికొండవాళ్లు ఫోన్ తీశారు. వీళ్లు చెప్పులేసుకున్నారు. నా లెక్కలో చెప్పులకు గీత లేదు. చూడడం అంటే కుర్చీలో కూర్చుని చూడడమే అనుకున్న నేను, ఆట కోసం ఇల్లు వదిలి పరుగెత్తిన వాళ్లందర్నీ సున్నా కింద జమకట్టాను. సిగ్గేసింది. ఎవరూ చూడకుండా పడే సిగ్గు మరీ చేదు.

సాయిశంకర్‌ని పిలిచి చూపించాను. ఆయన బుద్ధిమంతుడు, మొత్తం చూశాడు.

"బాగుంది బావా. మనసుకి బాగుంది. గానీ ఒకటి సెప్పు. జనం గ్రౌండ్‌కెల్లిపోతే మన యాడ్‌లు ఎవులు సూత్తారు? మనకి గావలసినోడు కుర్సీలోంచి లెగనోడు. లెగిసి ఎల్లిపోయేవోడు ఎంత పేణం పెట్టి సూసినా మనకేటి పని?"

ఆ మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. నాకు మంట పుట్టించింది అదే. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు, ఈ వ్యాపారం ఇంతే. ఇన్నేళ్లూ నేను ఆ కాకినే కదా! ప్లాట్ల సంస్థతో ఒప్పందం అయిపోయింది, ఇక వ్యాను మళ్లించే ప్రశ్న లేదు.

ఆదివారం వ్యానును కుర్రాళ్లకు అప్పజెప్పి, నేను పొద్దున్నే అగనంపూడి వైపు బస్సెక్కాను. చిలకమ్మ కోర్టు దగ్గర మ్యాట్లు సర్దిస్తోంది. సెమీఫైనల్ కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ ఆవిడ చేతికిచ్చి, నా ఫోన్‌లోకి ఎక్కించుకున్న ఆ ఐదు నిమిషాలు పెట్టాను.

ఆవిడ ఫోనును కళ్లకు దగ్గరగా పట్టుకుంది. "ఇది మా సీతాలు. పిండి కలుపుతా వచ్చీసినట్టుంది. ఈడు నూకాలు, నైట్ డ్యూటీ సేసి తొంగుంటాడే, ఈడెప్పుడొచ్చేడు..." అంటూ ఒక్కొక్కరినీ పేరుతో పలుకుతోంది. రిమోటు ముసలావిడ మీద వేలు పెట్టింది. "గంగాలమ్మత్త! మోకాళ్ల నొప్పని గుమ్మం దిగదు బాబూ. నాను ఈలని సూడ్నేదు. నాను ఎప్పుడూ కోర్టుకేసే సూత్తాను గానీ ఎనక్కి తిరగను. మామూలుగా వచ్చేరనుకున్నాను."

"టీవీ పోతే వచ్చారమ్మా. ఫోన్ చేయడానికి ఆగలేదు."

"మా కేబుల్ కుర్రోడ్ని అంతా కలిసి తిట్టేరు. వైరు సరిగ్గా సూసుకోడని. ఆడు ఏడ్సినంత పని సేసేడు."

"వైరు తప్పు కాదు. ప్రసారం దానంతట అది పోలేదు. ఎంతమంది చూస్తున్నారో తెలుసుకోవడానికని నేనే ఆపాను."

ఆవిడ ఫోను దించి నాకేసి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును, నా నియమం ప్రకారం రెండు గీతలు పడేవి.

"నాను ఎల్లాజీ గారికి శుక్రారమే సెప్పీసేను బాబూ" అంది మెల్లగా. "మా ఆట ఎవులూ సూడ్డం నేదంట, వచ్చే ఏడు వద్దులెండి అని నానే సెప్పీసేను. ఎవులూ సూడని ఆటకి ఒకలి కాడ సెయ్యి సాపడం బాగోదని. పిల్లలికీ అదే సెప్పేను. ఇదే ఆకరాట అని సెప్పేను."

ఎల్లాజీ గారి షరతు ఆవిణ్ణి ఓడించలేదు. నేను చెప్పిన సున్నాను ఆవిడ నమ్మింది, ఆ నమ్మకమే ఓడించింది. నా దగ్గర ఉన్న ఒక్క గౌరవమూ, అంటే టీవీ ఆఫీసులో కూర్చునే మనిషి మాటకు జనం ఇచ్చే గౌరవం, దాన్ని నేను ఇలా వాడాను.

"నేను ఎల్లాజీ గారితో మాట్లాడతానమ్మా. తప్పు నాదని చెబుతాను."

"సెప్పండి. ముందు ఆలకి సెప్పండి."

వార్మప్ చేస్తున్న పిల్లల్ని పిలిచింది. రెండు జట్లూ వచ్చి నిలబడ్డాయి. ఇరవై నాలుగు మంది. ప్రసారం ఆపింది నేనేనని, ఎవరూ చూడడం లేదన్నది అబద్ధమని, టీవీలో ఆట ఆగేసరికి ఇళ్లలోవాళ్లు పరుగెత్తుకొచ్చారని చెప్పాను. చెబుతున్నంతసేపూ నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొట్టిగా, ముక్కుమీద చెమటతో ఉన్న ఒక పిల్ల ఫోను తీసుకుని చూసింది. ఆ పిల్లే యశస్విని. తన ఆట చూసుకుంటుందనుకున్నాను. గోడమీది జనాన్ని చూసింది.

"ఇంతమందా!" అంది పక్కపిల్లతో. "నాను ఓడిపోయిన రైడ్ కూడా సూసీసేరేటే!"

అందరూ నవ్వారు. చిలకమ్మ నవ్వలేదు. నేరుగా వెళ్లి మైకు అందుకుంది. కప్పు ఇవ్వడానికి వచ్చిన ఎల్లాజీ గారు అప్పుడే కుర్చీలో కూర్చుంటున్నారు.

"కాలనీవోలందరికీ సెప్తన్నాను. ఇది ఆకరాట అని మొన్న సెప్పేను. కాదు. వచ్చే ఏడు కూడా ఉంటాది. మ్యాట్లుంటే మ్యాట్ల మీద, నేకపోతే మట్టిలో. బనీన్లు పాతయ్యే ఉతుక్కుంటాం."

ఎల్లాజీ గారు ఆవిడకేసి, జనానికేసి, తన పేరున్న బ్యానర్‌కేసి మార్చి మార్చి చూశారు. ఏం తేల్చుకున్నారో ముఖంలో తెలియలేదు. జనం మాత్రం అప్పటికే గోడ దాకా నిండారు. టీవీలో రాదని తెలిసి వచ్చినవాళ్లే అందరూ.

చిలకమ్మ మైకు పెట్టేసి నా దగ్గరకు వచ్చి ఫోను తిరిగిచ్చింది.

"మీరు వచ్చి సెప్పేరు, అది సాలు. గానీ ఒక మాట బాబూ. ఇంకెవుల ఆటా అలగ కొయ్యకండి. మీకు ఫోన్ సెయ్యనోలంతా సూడనోలు కాదు."

తలూపాను. అప్పుడే విజిల్ పడింది. ఆవిడ కోర్టుకేసి తిరిగి నిలబడింది. రెండడుగులు వేశాక ఆగి, ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ జనమంతటినీ చూసింది.