ఒటీలీ నోరు విప్పిన రోజు

మూకీ సినిమాల్లో ఒటీలీ క్రాంబాఖ్ ఎప్పుడూ జమీందారిణి. కళ్లు పక్కకు తిప్పితే చాలు, బెర్లిన్ అంతా నిట్టూర్చేది. పుట్టింది మాత్రం అదే ఊళ్లో మోఆబిట్ పేట చేపల బజారులో. తల్లి హెర్మీన్ అక్కడ కేకేస్తే వీధి చివర బండి గుర్రాలు బెదిరేవి. ఆ గొంతే కూతురికీ వచ్చింది. బొమ్మకు మాట లేనంత కాలం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

టాకీలు వచ్చాక పట్టింది. గొంతు పరీక్షలోనే దర్శకుడు వీస్నర్ చెవులు మూసుకున్నాడు. నాటకాల్లో పేరు మోసిన అడెల్‌హైడ్‌ను పిలిపించి, పరదా చాటున మైకు ముందు నిలబెట్టాడు. మాటలు ఆవిడవి, పెదవులు ఒటీలీవి.

"నోరు అంతలా తెరవకమ్మా. నువ్వు జమీందారిణివి, చేపవి కాదు," అంది అడెల్‌హైడ్ వచ్చీ రాగానే.

ఒటీలీ బుద్ధిగా తలూపింది. భోజనాలయ్యాక ఆవిడ చేతిలో పెద్ద పాకం బిళ్ల పెట్టింది. "గొంతుకు మంచిదండీ."

షాట్ మొదలైంది. ప్రభువు వేషంలో ఉన్న కూనో మోకాళ్ల మీద వాలి తన ప్రేమంతా వెళ్లబోసుకున్నాడు. "ప్రభూ, తమ ప్రేమను స్వీకరింపజాలను" అని పరదా చాటునుంచి రావాలి. రాలేదు. పాకం ఆవిడ పై పళ్లనూ కింది పళ్లనూ అతికించేసింది. కెమెరా చప్పుడు బయటికి రాకుండా గాజు గదిలో కూర్చుని, కెమెరాకే కన్ను ఆనించిన కెమెరామన్‌కు, వీస్నర్ ఆపమని చేతులు ఊపడం కనబడనేలేదు.

ఒటీలీ కూనోను తాపీగా ఎగాదిగా చూసింది.

"లేవయ్యా. ఆ ప్యాంటు మాస్తే ఉతికేది మీ అమ్మేగా. ప్రేమంట ప్రేమ. ముందు పోయి మొహం కడుక్కో."

కూనో అసలు మాటలు మరిచిపోయాడు. "సబ్బుందా?" అన్నాడు.

ఆమెను వెళ్లగొట్టడానికి సాక్ష్యంగా ఉంటుందని నిర్మాత ఆ ముక్కను వేయించి చూశాడు. పక్కన కూర్చున్న భార్య నవ్వి నవ్వి ఎక్కిళ్లు తెచ్చుకుంది. "మళ్లీ వెయ్యమనండి," అంది. ఈసారి ఆయనా ఆపుకోలేకపోయాడు. కథే మారిపోయింది. ఇప్పుడు నాయిక జమీందారిణినని అందరినీ నమ్మించే చేపలమ్మే మనిషి.

అడెల్‌హైడ్ మేకప్ గదిలోకి వచ్చింది. "కావాలనే చేశావు కదూ?"

"అవునండీ."

"నా పని ఊడింది."

ఒటీలీకి అప్పుడు సిగ్గేసింది. తిన్నగా వీస్నర్ దగ్గరికి వెళ్లింది.

"కొత్త కథలో అత్త వేషం ఆవిడకివ్వండి. లేకపోతే నేనూ చెయ్యను. పరదా వెనకే అంత పొగరుంటే, ముందుకొస్తే ఎలా ఉంటుందో చూడరాదూ?"

ఇచ్చారు. సినిమా విరగబడి ఆడింది. తొలి ఆట చూసిన హెర్మీన్ మాత్రం పెదవి విరిచింది. "అంత మెల్లగా అరిస్తే చేపలెవరు కొంటారే?"

అత్తాకోడళ్లుగా అడెల్‌హైడ్, ఒటీలీ ఏళ్ల తరబడి తెరమీద పోట్లాడుకున్నారు, పని అయ్యాక కలిసి బీరు తాగారు. ఒటీలీ రొట్టెల కొట్టుకు వెళ్తే జనం చుట్టుముట్టి, "ఒక్కసారి తిట్టండమ్మా" అని బతిమాలేవారు. తీరికుంటే తిట్టేది. అడెల్‌హైడ్‌ను ఎవరూ అలా అడగలేదు. ఆ బాధ ఆవిడకు చివరిదాకా ఉండిపోయింది.