దిగుడు గ్లాసు

చచ్చినవాడి నోట్లో మందు పోశాడు మేస్త్రి.

పట్టపగలు పోశాడు. అందరూ చూస్తుండగానే పోశాడు. గుంటలోంచి తాళ్ళు కట్టి లాగిన మనిషిని సిమెంటు గట్టు మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా నల్లటి బురద. మేస్త్రి వాడి గుండె మీద చెయ్యి పెట్టి చూశాడు. అటూ ఇటూ చూశాడు. చేతిలో ఉన్న సీసా వంచి సగం వాడి నోట్లో పోసి, మిగిలింది చొక్కా మీద కుమ్మరించాడు.

"తాగి పడ్డాడు. చూశారుగా అందరూ?" అన్నాడు.



అందరికంటే ముందు నిలబడ్డవాడు కత్తి మామ. ఆ తోళ్ళ ఫ్యాక్టరీలో పచ్చి తోలుకు అంటుకున్న కండా కొవ్వూ గీకే పని అతనిది. రెండు పిడుల కత్తి అతని చేతిలో ఉంటే తోలుకి గీత పడేది కాదు. అందుకే ఆ పేరు. గట్టు మీద పడున్నవాడు అతని బావమరిది. పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తుంటాడని అందరూ వాణ్ణి ఈలగాడు అనేవాళ్ళు.

"వాడు తాగలేదు" అన్నాడు కత్తి మామ.

మేస్త్రి దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు. "ఎవరు ఆ మాట అనేది? నువ్వా? పొద్దున్నే ఎత్తిన గ్లాసు దించకుండా లాగించింది ఎవరు మామా? ఏదీ, నా మొహం మీద ఊదు. ఊది చెప్పు."

కత్తి మామ మొహం పక్కకి తిప్పుకున్నాడు. నిజమే మరి. తాగాడు. గట్టు మీద ఉన్న ప్రతివాడూ తాగాడు. ఆ పొద్దున తాగనివాడు ఒక్కడే. వాడే చచ్చాడు.

అసలు సంగతి ఇదీ. తోళ్ళు నానబెట్టిన నీళ్ళూ, సున్నమూ, రాలిన వెంట్రుకలూ, కండ ముక్కలూ అన్నీ వెనకాల పెద్ద గుంటలోకి పోతాయి. అడుగున పేరుకుపోతే మనుషులు దిగి బకెట్లతో ఎత్తాలి. దిగే ముందు గట్టు మీద ఒక్కొక్కడికీ మేస్త్రి మందు పోస్తాడు. దాన్ని దిగుడు గ్లాసు అంటారు. ఊరికే ఇస్తారు. కడుపులో మందుంటే గుంట గాలి ఎక్కదని ఏనాడో ఓ కంట్రాక్టరు చెప్పాడు. తండ్రులు నమ్మారు. కొడుకులు నమ్మారు. కొత్తగా పనిలోకొచ్చినవాణ్ణి పాతవాళ్ళే పట్టుకుని తాగించేవాళ్ళు, పాపం చచ్చిపోతాడేమోనని. ఈలగాడికి మొదటి గ్లాసు తాగించింది కత్తి మామే. ముక్కు మూసి మరీ తాగించాడు, ప్రేమ కొద్దీ.

ఆ ఈలగాడే కొన్నాళ్ళుగా గ్లాసు ముట్టుకోవడం లేదు. పని అయిపోగానే ఇస్త్రీ అక్క షెడ్డుకి పోయేవాడు. అక్కడ తాగుడు మానుకున్నవాళ్ళు కొందరు కూచుని మాట్లాడుకుంటారు. "నువ్వూ రా బావా" అని పిలిచేవాడు. "మీరంతా కూచుని ఏం చేస్తార్రా, టీ తాగి ఏడుస్తారా?" అని కత్తి మామ నవ్వేవాడు.

ఆ పొద్దున ఈలగాడు, "ఇవాళ్టికి వద్దు మేస్త్రీ" అని గ్లాసు పక్కకి జరిపాడు. గుంట మూత దగ్గర వంగి, "కుళ్ళిన గుడ్ల కంపు కొడుతోంది. మూతలన్నీ తీసి కాసేపు ఆరనిద్దాం" అన్నాడు.

"నీ ఒక్కడికే కొడుతోందా? ఏరా, మీకొస్తోందా?" అన్నాడు మేస్త్రి.

ఎవరికీ రాలేదు. ఎలా వస్తుంది? అందరి ముక్కుల్లోనూ మందు కంపే. అందరూ నవ్వారు. కత్తి మామ కూడా నవ్వాడు.

"నీ ముక్కు భేషుగ్గా ఉంది కదా, నువ్వే ముందు దిగి ఎక్కణ్ణించి వస్తోందో చూసి చెప్పు. లేదా గేటు అటుంది" అన్నాడు మేస్త్రి.

ఈలగాడు నిచ్చెన పట్టుకుని దిగాడు. ఈల వేసుకుంటూనే దిగాడు. ఈల మధ్యలో ఆగిపోయింది.

మధ్యాహ్నం కంట్రాక్టరు కారు దిగి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని అందరికీ చెప్పాడు. "రేపు పొద్దున విచారణకి అధికారి వస్తున్నాడు. తాగి కాలు జారాడు, అంతే. తాగినవాడి చావుకి ఎవరూ పూచీ కాదు. గుంట పనీ ఆగడానికి వీల్లేదు, మురికి వెనక్కి తన్నుతోంది. రేపు దిగాలి." శవాన్ని ఆస్పత్రికి పంపించేసి, కారెక్కి వెళ్ళిపోయాడు.

*

కత్తి మామ ఇంటికి పోయేసరికి పెళ్ళానికి అప్పటికే కబురు తెలిసింది. ఆమె కూడా ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తుంది, ఊడిన వెంట్రుకలు కడిగే షెడ్డులో. ఈలగాడు ఆమె ఒడిలో పెరిగిన తమ్ముడు. ఏడవడం లేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వాడి నోట్లో పోశారట."

"ఊ."

"చూస్తూ నిలబడ్డావట."

"అన్నానే, తాగలేదని అన్నాను. నా నోరు కంపు కొడుతోందన్నాడు."

"మరి కొట్టడంలా?" అంది. అతని చొక్కా పట్టుకుంది. "నా తమ్ముడు తాగుబోతై చచ్చాడని రేపు రాసుకుంటారు. నువ్వు తాగి ఉన్నా, వాడు తాగలేదని ముందు నిలబడి అన్నవాడివి నువ్వొక్కడివే. రేపు నీ నోట్లోంచి మాట రావాలి. కంపు కాదు. పద."

"ఎక్కడికి?"

"వాడు రమ్మన్న చోటికి."

ఇస్త్రీ అక్క షెడ్డు వీధి మలుపులో ఉంటుంది. రేకుల కప్పు. బొగ్గుల పెట్టె పక్కన మడతపెట్టిన బట్టల గుట్టలు, కూచోడానికి ఒక బల్ల, మిగిలినవాళ్ళకి నేల. అక్క ఒకప్పుడు మగవాళ్ళతో సమానంగా తాగి ఎవరిదో పెళ్ళికోటు కాల్చేసిన మనిషి. ఆ కథ ఆవిడే చెప్పి ఆవిడే ముందు నవ్వుతుంది. ఆ రోజు నవ్వలేదు.

"ఈలగాడి చోట కూచో మామా" అని బల్ల చూపించింది.

కత్తి మామ కూచోలేదు. "ఇంక జన్మలో తాగను" అన్నాడు, గుండె మీద చెయ్యేసుకుని.

"అలాంటి మాటలు ఇక్కడ చెల్లవు" అంది అక్క. "జన్మ సంగతి ఎవడికి తెలుసు? ఇవాళ తాగకుండా ఉంటావా, అది చెప్పు."

"ఇవాళ్టికి ఉంటా. మరి రేపో?"

"రేపు పొద్దున వచ్చి అడుగుతా."

"ఎన్నాళ్ళయిందక్కా నువ్వు మానేసి?"

"మేం లెక్క పెట్టుకోం" అన్నాడు మూలన కూచున్న టాంకర్ డ్రైవర్. "నేను లెక్క పెట్టుకున్నా ఒకసారి. నూరు రోజులు నిండాయని ఆ సంతోషంలో పోయి తాగా." అందరూ నవ్వారు. కత్తి మామకి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాడు.

అప్పుడొచ్చాడు మేస్త్రి. ఊరికే రాలేదు, సంచీతో వచ్చాడు. సంచీలో సీసాలు గలగలమన్నాయి.

"ఇంటికెళ్తే ఇక్కడున్నావన్నారు. కంట్రాక్టరు గారు పంపారు మామా. దుఃఖంలో ఉన్నావు, పుచ్చుకో. బావమరిది పోతే ఎవడైనా తాగుతాడు. ఎవరూ తప్పు పట్టరు."

కత్తి మామ కళ్ళు సంచీ మీదనుంచి కదల్లేదు. తోలుకి గీత పడనివ్వని ఆ చేతులు మందు కోసం వణుకుతున్నాయి. ఎవడో నేల మీంచి లేచి, "పారబోయండ్రా వీధిలో!" అని అరిచాడు.

"వద్దొద్దు!" అని అక్క కూడా అరిచింది. "ఇక్కడ పారబోస్తే ఆ కంపుకి ముందు పడిపోయేది నేనే. మేస్త్రీ, తీసుకుపో. గుమ్మం దాటాక నీ ఇష్టం, నెత్తిన పోసుకుంటావో, ఆ పోయినవాడి చొక్కా మీద పోశావే అలా ఎవడి మీద పోస్తావో."

మేస్త్రి మొహం మాడింది. "తాగుబోతు సంఘం పెట్టుకుని మాకే నీతులా? సరే, రేపు గట్టు మీద చూస్తా" అని సంచీ ఎత్తుకుని పోయాడు.

వాడు వెళ్ళగానే డ్రైవర్ గోల మొదలెట్టాడు. "అక్కా, ఇది మంచిది కాదు. మనం తాగుడు మానుకోవడానికి కూచుంటున్నాం. కొట్లాటలకి కాదు. ఇక్కడ కంట్రాక్టరు పేరు ఎత్తావంటే రేపు ఈ షెడ్డు ఉండదు. ఎవడి తాగుడు వాడిది. ఎవడి తప్పు వాడిది."

"నీ తాగుడు నీదా?" అంది కత్తి మామ పెళ్ళాం. ఆమె అక్కడ మాట్లాడటం అదే మొదలు. "నా మొగుడికి మొదటి గ్లాసు పోసిందెవరు? వాళ్ళ నాన్నకి? ఇంట్లో నేర్చుకున్నారా? గట్టు మీద నేర్చుకున్నారు. ఊరికే ఎందుకు పోస్తున్నాడు వాడు? కప్పు టీ ఊరికే ఇచ్చాడా ఏనాడైనా?"

డ్రైవర్ తల గోక్కున్నాడు.

"నిజమే చెల్లీ" అంది అక్క మెల్లగా. "ఎవడు తాగాడు, ఎవడు తాగాడు అని ఇన్నాళ్ళూ ఒకళ్ళనొకళ్ళం అడుగుతూ కూచున్నాం. ఎవడు పోశాడని అడగలేదు. తాగినవాడికి కంపు తెలీదు. కంపు తెలిసినవాడు దిగనంటాడు. అందుకే ఆ గ్లాసు. గాలి ఎక్కకుండా కాదు."

కత్తి మామ తల ఎత్తాడు. తాను ముక్కు మూసి తాగించిన గ్లాసు గుర్తొచ్చింది.  ఈసారి వచ్చింది దుఃఖం కాదు. కోపం. ఒళ్ళు వణుకుతూనే ఉంది, కానీ ఆ కోపం పట్టుకుని కూచున్నాడు.

ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదల్లేదు. ఒకళ్ళు పోతే ఒకళ్ళు వచ్చి పక్కన కూచున్నారు. చక్కెర నీళ్ళు తాగించారు. చెమట తుడిచారు. ఫిట్లు వస్తే ఆస్పత్రికి మోసుకుపోడానికి డ్రైవర్ టాంకరు షెడ్డు ముందే నిలబెట్టాడు. "నువ్వు కొట్లాటలకి రానన్నావుగా" అంటే, "ఇది కొట్లాట కాదు, డ్యూటీ" అన్నాడు. తెల్లవారింది.

"మామా" అంది అక్క, పెట్టెలో బొగ్గులు ఊదుకుంటూ. "ఇవాళ?"

"ఇవాళ్టికి తాగను."

*

గట్టు మీద గ్లాసులు వరసగా పెట్టి ఉన్నాయి. ఎప్పుడూ లేనిది, నిండుగా పోశాడు మేస్త్రి. అధికారి వచ్చేలోగా ప్రతి నోరూ కంపు కొట్టాలి. అదీ ఏర్పాటు.

"రండి, రండి. తాగి దిగండి."

కత్తి మామ ముందుకొచ్చాడు. గ్లాసు చేతికి తీసుకున్నాడు. ఆ వాసనకి నోట్లో నీళ్ళూరాయి, ఆ సంగతికి అతనికే అసహ్యం వేసింది. గ్లాసు మేస్త్రి బూట్ల ముందు బోర్లించాడు.

"ఇవాళ్టికి వద్దు."

వెనకవాడు చూశాడు. వాడు షెడ్డుకి ఏనాడూ రానివాడు. వాడూ బోర్లించాడు. "నాకూ వద్దు." ఇంకొకడు. ఇంకొకడు. గ్లాసులు ఒకదాని తర్వాత ఒకటి టకటకమని బోర్లపడ్డాయి.

సున్నం తాత వంతు వచ్చింది. ముసలివాడు. పొద్దున్నే గొంతు తడవందే చెయ్యి ఆడదు. గ్లాసు ఎత్తి గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు. మేస్త్రి మొహం వెలిగింది.

"తాగాను" అన్నాడు తాత. "నావల్ల కాదు, ఏం చెయ్యను. కానీ దిగను. మూతలు తియ్యండి, గాలి పోనివ్వండి, మోటారు పెట్టి తోడండి. మనిషిని దించితే మాత్రం ఊరుకోను."

గట్టంతా గొల్లున నవ్వింది. వెంట్రుకల షెడ్డులోంచి ఆడవాళ్ళు తడి చేతులతో పరుగెత్తుకొచ్చి నిలబడ్డారు.

అధికారి, కంట్రాక్టరు ఒకే కారులో దిగారు. వెనక పోలీసు వ్యాను. అధికారి గట్టు దాకా రాకుండానే అడిగాడు. "తాగి పడ్డాడంట కదా?"

"అయ్యా, ఇటు రండి" అన్నాడు కత్తి మామ. "ముందు నా నోరు వాసన చూడండి. ఆ తర్వాత నా మాట వినండి."

అధికారి కదల్లేదు.

"సరే, అక్కణ్ణించే వినండి. నిన్న నేను తాగాను. ఇక్కడున్న అందరం తాగాం. వాడు తాగలేదు. కంపు వస్తోందన్నాడు, మేం నవ్వాం. వీడు దించాడు. చచ్చాక వీడే వాడి నోట్లో పోశాడు. ఆ సీసా పట్టుకున్న చెయ్యి ఇదిగో, ఈ మేస్త్రిది. తాగి జారాడని చెప్పమన్న నోరు ఇదిగో, ఈ కారులో వచ్చింది."

"నేను చూశా!" అన్నాడు ఒకడు. "మేమూ చూశాం!" అని గట్టంతా అరిచింది.

కంట్రాక్టరు అధికారి చెవిలో ఏదో గొణిగాడు. అధికారి పోలీసుల వైపు చూశాడు. ఇద్దరు వచ్చి కత్తి మామ రెక్కలు పట్టుకున్నారు. పని అడ్డుకుంటున్నాడట, గొడవ రేపుతున్నాడట. అతను పెనుగులాడలేదు. ఒళ్ళు ఇంకా వణుకుతోంది. "భయంతో కాదురా వణుకు, మందు దిగుతోంది. గట్టిగా పట్టుకోండి, పడతాను" అన్నాడు పోలీసులతో.

వ్యాను తలుపు వేశారు. జాలీలోంచి అతనికి గట్టు కనిపిస్తూనే ఉంది. కంట్రాక్టరు రుమాలు తీసేసి అరుస్తున్నాడు.

"అయిపోయింది మీ నాయకుడి పని! ఎన్నాళ్ళుంటారిలా? నెల ఉంటారా? వారం ఉంటారా? ఇంట్లో పొయ్యి వెలగకపోతే మీరే కాళ్ళు పట్టుకుంటారు! చెప్పండి, ఎన్నాళ్ళు దిగరు?"

కత్తి మామ పెళ్ళాం తడి చేతులు చీరకి తుడుచుకుని ముందుకొచ్చింది. బోర్లించిన గ్లాసుల వరస ముందు, తమ్ముణ్ణి పడుకోబెట్టిన చోటే కూచుంది. ఆమె పక్కన సున్నం తాత కూచున్నాడు. తర్వాత ఒకళ్ళొకళ్ళుగా అందరూ.

"ఇవాళ్టికి దిగం" అంది.

"ఇవాళ్టికా? మరి రేపో?"

"రేపు పొద్దున వచ్చి అడుగు."