సొరతీగ కోసిన ఆదివారం

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందు. అక్కడి నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ డాబా మీద తోట పెంచింది మగ్దలీనమ్మ. పాత బకెట్లు, పగిలిన సింకు, సిమెంటు సంచులు, ఏది దొరికితే అందులో మట్టి నింపి పుంటికూర, బచ్చలి, పుదీనా, వంగ వేసింది. గోడ వారన పెట్టిన సొరతీగ తాళ్ల పందిరి మీదికి పాకి డాబాలో సగం కప్పేసింది. వేసవిలో ఆ ఇంట్లో వంట డాబా మీదే మొదలయ్యేది. పొద్దున్నే పైకి వెళ్లి, లేతగా కనిపించింది తెంపుకొచ్చేది. బచ్చలైతే మామిడికాయ వేసి పప్పు, పుదీనా అయితే మజ్జిగలోకి.

మార్చి నెలాఖరులో అసోసియేషన్ మీటింగు జరిగింది. సెక్రటరీ వీరవెంకటసత్యనారాయణ ఎప్పుడో కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. డాబా మీద రేకుల గదులు వేసి ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్ నడిపే ఒకాయనకి అద్దెకిద్దామని, ఆ అద్దెతో ఇక ఎవరూ మెయింటెనెన్స్ కట్టక్కర్లేదని చెప్పాడు. టకటకా చేతులు లేచాయి. లేవనివి ఇద్దరివే. ఒకరు మగ్దలీనమ్మ, ఇంకొకరు కింది ఫ్లాట్లో జాకెట్లు కుట్టే అమీనా.

"అందరూ ఒప్పుకున్నాక మీకేంటండీ అభ్యంతరం, మగ్దలీనమ్మ గారూ?"

"డాబా అందరిది సార్. అందరిదంటే అండ్ల నేను సుత ఉన్న. నేను ఒప్పుకోను."

"నాలుగు ఆనపకాయల కోసం బిల్డింగు పని ఆపేస్తారా?"

"మేము సొరకాయలంటం సార్. నాలుగు కాదు, మస్తు కాస్తయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. సత్యనారాయణ నవ్వలేదు.

ఆ తరువాతి వారం డాబా మీది కుళాయి పీకించి పైపుకి బిరడా వేయించాడు. ట్యాంకర్లతో నెట్టుకొస్తున్నాం, మొక్కలకు నీళ్లెక్కడ అన్నాడు. ఏప్రిల్ ఎండ మొదలైంది. మధ్యాహ్నానికల్లా వంగ ఆకులు గుడ్డపీలికల్లా వేలాడేవి.

మగ్దలీనమ్మ భర్త దయానందం ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. చిల్లర కోసం బస్సులో జనంతో పోట్లాడీ పోట్లాడీ, ఇక జన్మలో ఎవరితోనూ గొడవ పడనని ఒట్టు పెట్టుకున్నట్టు బతుకుతున్నాడు.

"ఇడిచిపెట్టు మగ్దలీనా. ఎర్రగడ్డ రైతుబజార్ల దొరకని కూరగాయ లేదు. లొల్లి ఎందుకు మనకు?"

"కొనుక్కునుడు నాకు రాదా? నా తోట ఇంకొకరు ఎండబెడితే, నేను సంచి పట్టుకొని బజారుకు పోవాల్నా? పోను."

ఆ సాయంత్రం అమీనా గడప దగ్గర కూర్చుంది మగ్దలీనమ్మ. మొదటి అంతస్తంతా కోచింగ్ సెంటరే. వాళ్ల ఏసీల నీళ్లు పొద్దస్తమానం అమీనా కిటికీ ముందు కారి, సందంతా బురద చేసి, మోరీలోకి పోతాయి. ఇద్దరూ ఆ ధారని ఒకేసారి చూశారు.

"అక్కా, గీ నీళ్లు ఎవరివి?" అంది అమీనా.

"ఎవ్వరివి కావు."

"అయితే మనవే!"

మర్నాడు ఆ పైపులన్నీ ఒక్క డ్రమ్ములోకి తిప్పారు. బకెట్లు లిఫ్టులో పైకి తీసుకెళ్తుంటే సత్యనారాయణ అడ్డుకున్నాడు. లిఫ్టు మనుషులకే కానీ నీళ్లకు కాదన్నాడు. మగ్దలీనమ్మ దుకాణానికి వెళ్లి బావి గిలక ఒకటి కొనుక్కొచ్చి, డాబా పిట్టగోడ దగ్గరి ఇనుప కమ్మీకి కట్టించింది. కింద అమీనా బకెట్ నింపి తాడు కదిపేది, పైన మగ్దలీనమ్మ లాగేది. కోచింగ్ సెంటర్ కిటికీల ముందు నుంచి బకెట్ ఊగుతూ పైకి పోతుంటే లోపలి పిల్లలు కంప్యూటర్లు వదిలి చూసేవాళ్లు. సందంతా చూసింది. దాచుకోవాల్సిన పనేం చేస్తున్నానని, మగ్దలీనమ్మ కావాలనే పట్టపగలు లాగేది.

ఒకరోజు లాగుతుంటే తాడు ఉన్నట్టుండి తేలికైంది. వెనక్కి తిరిగితే దయానందం.

"జరుగు. నీకు లాగుడు రాదు," అన్నాడు. ఆ రోజు నుంచి అది అతని పనైంది.

ఏసీ నీళ్లు అంత తోటకి చాలవు. అందుకని మగ్దలీనమ్మ బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు పారబోయడం మానేసింది. పెద్ద సంచుల్లో చిన్న మట్టికుండలు మూతిదాకా పాతి నీళ్లు నింపితే, అవి చెమర్చినట్టు ఊరి వేళ్లకు అందేవి. మట్టి మీద ఎండాకులు, కొబ్బరి పీచు పరిచింది. చర్చికి కట్టి కట్టి పలచబడ్డ తన తెల్లచీరలు తాళ్లకు కట్టి నీడ చేసింది. మొక్కలు తలలెత్తాయి. మే వచ్చేసరికి సొరతీగ నిండా పిందెలు.

ఆ నెలలోనే ఒక ఆదివారం, పంజాగుట్టలో ఆరాధన ముగించుకుని భార్యాభర్తలు ఇంటికి వచ్చేసరికి డాబా మీద చప్పుళ్లు వినిపించాయి. పైకి వెళ్లి చూస్తే ఇనుప గుంజలు పడున్నాయి. సంచులన్నీ ఒక మూలకి నెట్టేసి ఉన్నాయి. నేల మీద గుంజలు పాతాల్సిన చోట్ల సుద్దతో గుర్తులు పెట్టారు. సొరతీగని మొదలు దగ్గర నరికేశారు. పందిరి మీద ఆకులు అప్పుడే వడలిపోతున్నాయి.

"మాకేం తెల్వదమ్మా. సార్ తియ్యమన్నడు," అన్నాడు పనివాళ్లలో పెద్దాయన తల దించుకుని.

మగ్దలీనమ్మ వంగి ఆ మోడు మీద వేలు పెట్టింది. జిగురు అంటింది. బైబిలు భర్త చేతికిచ్చి, కొంగు దోపుకుని, పందిరి మీది కాయలన్నీ తెంపింది.

"స్టవ్ పైకి తీసుకరాపో," అంది దయానందంతో.

స్టవ్ సరిగ్గా మధ్య గుర్తు మీద పెట్టించింది. కబురు విని అమీనా బియ్యప్పిండి డబ్బా, కోరుడు పీటా తెచ్చింది. దయానందం కుర్చీ వేసుకుని, గొడుగు విప్పుకుని, ఇంకో గుర్తు మీద కూర్చున్నాడు. సొరకాయ కోరు పిండిలో వేసి, నువ్వులు, నానిన శనగపప్పు, పచ్చిమిర్చి ముద్ద, కరివేపాకు కలిపి, కాయలోని తడితోనే పిసికింది మగ్దలీనమ్మ. నూనె రాసిన గిన్నెలో పలచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వదిలింది. సర్వపిండి కాలే వాసన మెట్ల మీదుగా కిందికి దిగింది. జనం పైకెక్కారు. వాళ్ల వెనకే సత్యనారాయణ వచ్చాడు.

"ఏంటండీ ఇది? పనివాళ్లు ఖాళీగా నిలబడ్డారు!"

"సర్వపిండి సార్. మీరు నరికించిన తీగ కాయలే. కూసోండి, తినండి."

"ముందు మీరు లేవండి అక్కణ్ణుంచి."

"లేవను. గుంజ పాతాల్నంటే గీ పొయ్యి మీదనే పాతుకోండి."

"నేను సుత లేవ!" అన్నాడు దయానందం. బస్సు చివరి సీటుదాకా వినిపించే పాత గొంతు అది. మగ్దలీనమ్మే ఉలిక్కిపడి చూసింది.

పై అంతస్తులో ఉండే మంజూష ముందుకొచ్చింది.

"సార్, నా బెడ్రూమ్ ఈ తీగ కిందనే ఉంది. గింత ఎండల సుత చల్లగుంటుండె. ఇక్కడ రేకులేస్తే కింద మేము ఉడుకుతం. ఆ రోజు ఆలోచించక చెయ్యి ఎత్తిన. ఇప్పుడు దించుతున్న."

ఎదురు ఫ్లాటాయన కూడా తలూపాడు. రెండో అంతస్తు వాళ్లు మాత్రం, మా మెయింటెనెన్స్ ఎవరు కడతారని గొణిగారు. మగ్దలీనమ్మ వాళ్లకూ ముక్కలు పెట్టింది. పనివాళ్లను నీడకు పిలిచి తినిపించింది. తిని, చేతులు కడుక్కుని, "ఈ పని మాతోని కాదు సార్," అని పెద్దాయన సామాను సర్దుకున్నాడు. సత్యనారాయణ ఏమీ ముట్టకుండా దిగిపోయాడు.

తరువాతి మీటింగులో పై అంతస్తు వాళ్లందరూ అడ్డం తిరిగారు. హాస్టల్ ఆయన వేరే బిల్డింగు చూసుకున్నాడు. గుంజలు కొన్నాళ్లు ఎండలో పడుండి, ఒకరోజు ఆటో ట్రాలీలో వెళ్లిపోయాయి. రెండో అంతస్తు వాళ్లు లిఫ్టులో కనిపిస్తే మొహం తిప్పుకుంటున్నారు. తిప్పుకోనీ అనుకుంది మగ్దలీనమ్మ.

సొరతీగ మాత్రం బతకలేదు. ఎండి గలగలలాడే ఆ తీగని ఆమె ఒక్కతే పందిరి మీంచి లాగేసింది.

తొలకరి పడ్డాక, వాటర్ ట్యాంకు చూడటానికి సత్యనారాయణ పైకొచ్చాడు. సుద్ద గుర్తులున్న చోటల్లా మట్టి సంచులు కనిపించాయి.

"ఇంకా పెంచుతున్నారా?"

"చిక్కుడు పెడుతున్న సార్. ఈసారి అవతలి గోడదాంక పాకిస్త," అంటూ మగ్దలీనమ్మ తడిమట్టిలో ఇంకో విత్తనం బొటనవేలితో ఒత్తింది.