కొమ్మ ఎందుకు అదిరింది

సినిమాలో ఆ తల్లి ఉడుత తోకతోనే కొట్టింది, నోటితో పిలవడం మానేసింది, మొన్న తాను సరిగ్గా చూసిందా లేక కంటికి అట్లా అనిపించిందా, ఈసారి రెప్ప వేయకూడదు, అనుకుంది అంజనమ్మ, అనుకుంటూనే రెప్ప వేసింది, గుడారం సందులోంచి సాయంత్రపు ఎండ గీతలా వచ్చి సరిగ్గా కంట్లోనే పడుతోంది, టాకీసు మనిషి ఎవరో వచ్చి ఆ సందుకు గోనెపట్టా అడ్డం కట్టేదాకా తెర మీద బొమ్మలు పాలిపోయే ఉంటాయి, ఒళ్లో ఐదేళ్ల కూతురు రత్న మాత్రం ఆ పాలిపోయిన బొమ్మలకే నవ్వుతోంది, నోరంతా తెరిచి, లోపల నాలుక ఎర్రగా, పొట్టిగా, పొట్టిదనే అంటున్నారు అందరూ, మాట రానిది అందుకేనంటున్నారు, రేపు పొద్దున మొదటి బస్సుకు అత్త కెంపమ్మ తననూ ఈ పిల్లనూ తీసుకుని బాగేపల్లి మీదుగా మిట్టేమరి వైపు పోతుంది, అక్కడ ఏదో పల్లెలో నాలుక కింద నరం కోసే ముసలాయన ఉన్నాడట, గడ్డం గీసే కత్తితోనే కోస్తాడట, పసుపు అద్ది పంపుతాడట, నెల తిరక్కుండా పిల్లలు అమ్మా అంటారట, ఎవరి పిల్లలు అన్నారో ఎవరూ చెప్పరు, అట అట అట, అంతే, రేపు ఈ నవ్వే నోట్లో కత్తి పెడతారు, తాను పిల్ల చేతులు పట్టుకోవాలి, తల అత్త పట్టుకుంటుంది, అదీ తీర్మానమైపోయింది.

పక్కన ఎదురింటి తిమ్మక్క ఉడకబెట్టిన శనక్కాయలు ఒళ్లో పోసుకుని ఒలుస్తూ, ఏమ్మే అంజనా, మనిషనేవాడే లేని సినిమాకు రెండోసారి వచ్చింది ఈ చింతామణి ఊరు మొత్తానికి నువ్వొకదానివే, ఉడుతలు మన దొడ్లో లేవా, చూసుకోరాదా అంటోంది, అననీ, రాగులు మిషనుకు వేసుకొస్తానని ఇంట్లో చెప్పి ఇటు వచ్చిన సంగతి ఆమెకు తెలుసు, పిండి సంచీ ఇద్దరి కాళ్ల మధ్యే వెచ్చగా ఉంది, తెలిసినా బయటపెట్టదు, తిమ్మక్క నోరు పెద్దదే గానీ మనిషి మంచిది, అదిగో సందు మూశారు, తొర్ర కనబడింది, తొర్రలో తల్లి ఉడుత, తండ్రి ఉడుత, నాలుగు పిల్లలు, ఇంగ్లీషు మాటలు, ఒక్కటీ అర్థం కాదు, అర్థం కాకపోవడమే మేలయింది, చెవికి పని లేనప్పుడు కన్ను ఊరికే ఉండదు, మొన్న ఇంటిల్లిపాదీ వచ్చినప్పుడు అందరూ తండ్రి ఉడుత జారిపడడం చూసి పొర్లి పొర్లి నవ్వుతుంటే తాను మాత్రం ఒక మూలన చిన్నదాన్ని చూసింది, నాలుగోదాన్ని, అది అరచెయ్యి ఎప్పుడూ కొమ్మ మీద ఆనించే ఉంటుంది, ఆడేటప్పుడు, తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు కూడా, మిగతా మూడూ చేతులు గాల్లో ఆడిస్తాయి, ఇది ఆడించదు, ఇప్పుడూ అంతే, చూడు, ఆనించింది, బాగేపల్లి ఇస్కూల్లో ఐదో క్లాసులో మేష్ట్రు తన నెత్తి మీద మొట్టికాయ వేసి, బొమ్మలు కాదు చూడాల్సింది, పాఠం చదువు అని కన్నడంలో కసిరింది ఇందుకే, పాఠంలో బావి అని రాసి ఉంటే తాను బొమ్మలో బావికి చేంతాడు లేదే అని అడిగింది, ఆ ఏడే పెద్దమనిషయింది, పలక ఇంట్లో వాళ్లు చెల్లెలికి ఇచ్చేశారు, ఈ సినిమాలో బొమ్మలన్నీ చేత్తోనే గీస్తారట, వేలకు వేలు, మొగుడు గంగాధరప్పకు బెల్లం మండీలో ఎవరో చెప్పారట, చేత్తో గీసేవాళ్లు ఒక్క గీతైనా ఊరికే గీస్తారా, ముగ్గు పెట్టే ఆడదాన్ని అడిగితే చెబుతుంది, పని లేని చుక్క ఉండదు, మరి ఆ అరచెయ్యికి ఏం పని, అని మొన్న రాత్రి మొగుణ్ణి అడిగితే, నీకేం పనీపాటా లేదా అంజనా, ఉడుత చెయ్యి యాడ పెడితే ఏంది, అని అటు తిరిగి పడుకున్నాడు, మంచివాడే, తల్లి మాట కాదనలేడు, మా అమ్మ ఏం చేసినా పిల్ల మేలుకే అంటాడు, అంతకు మించి ఒక్క మాట అదనంగా రాదు ఆయనకు, ఆయన నాలుక మాత్రం పొడుగ్గానే ఉంది మరి.

ఏం చేయలేదని పిల్లకు, అత్త వస కొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాసింది, మూడేళ్లు, రాసినప్పుడల్లా పిల్ల మొహం చిట్లించి ఉమ్మేది, కైవారంలో గుడిగంట కడిగిన నీళ్లు తాగించింది, ఊళ్లో పేరున్న వాగుడుకాయ తిన్న ఎంగిలి చెంచాతో అన్నం పెట్టించింది అత్త, ఆ వాగుడుకాయ ఈ తిమ్మక్కే, ఒక్క మాటయినా రాలేదు, ఊఁ ఊఁ అని మూలుగుడు, చెయ్యి పట్టి లాగడం, అంతే, చెవులేమైనా ఇనపడవేమో అత్తా అని తానే అడిగింది ఒకనాడు, నిజంగా అడిగింది, భయపడుతూనే, అప్పుడు కెంపమ్మ నడవలోకి పోయి రోట్లో రోకలి పెట్టి ధన్ ధన్ మని రెండు పోట్లు వేసింది, అటు తిరిగి గవ్వలతో ఆడుకుంటున్న రత్న గిరుక్కున తిరిగి పరుగెత్తుకొచ్చింది, రోజూ వచ్చేదే, రోకలి పోటు పడితే చాలు వచ్చి పొట్టు చల్లుకుంటూ కూర్చుంటుంది, చూసినావా, చెవుల్లేకుంటే ఇది ఎట్ల వస్తాండాది చెప్పు, ఐదో క్లాసు పండితురాలివి కదా నువ్వు, అంది కెంపమ్మ, వాకిట్లో నలుగురూ నవ్వారు, తానూ నవ్వింది, చెవులు బాగుండాయి, నాలుకకే మెలిక, అని ఆనాటితో తేలిపోయింది, నాలుక కాకుంటే మొండితనం, పేరు పెట్టి పది మార్లు పిలిచినా తలెత్తి చూడదు, వేన్నీళ్ల కాగు దగ్గరికి పోవద్దే అని వెనక నుంచి అరిచినా పోతుంది, అప్పుడు చెయ్యి కాలింది, చెయ్యి కాలినందుకు మళ్లీ తాను కొట్టింది, చీపురు తిరగేసి కొట్టింది, ఎందుకు కొడుతున్నావన్నట్టు పిల్ల తన మొహం చూసింది, ఆ చూపు గుర్తొస్తే నోట్లో వస కొమ్ము చేదే, వద్దు, తెర చూడు, వచ్చేస్తుంది ఆ చోటు, తండ్రి ఉడుత జారిపడేది అయిపోయింది, గుడారం అంతా నవ్వుతోంది, తిమ్మక్క శనక్కాయ గొంతుకు అడ్డంపడి దగ్గుతోంది, ఇక గద్దే.

మొన్న చూసింది గుర్తుంది, గద్ద కనబడే ముందు దాని అరుపు వస్తుంది, తెర మీద ఇంకా ఏమీ ఉండదు, ఎండ, ఆకులు, ఉడుతలు, అంతే, అరుపు ఒక్కటే వస్తుంది, ఒళ్లు జల్లుమనేట్టు, ఆ తరువాత ఎంతోసేపటికి గానీ నీడ పడదు, అప్పుడు తాను తెర చూసింది, ఈసారి తెర చూడదు, తెర తనకు కంఠతా వచ్చు, పిల్ల మొహం చూస్తుంది, రత్న గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం తన వైపు కొంచెం తిప్పుకుంది, కళ్లలో తెర చిన్నగా కదులుతోంది, ఆకుపచ్చగా, రానీ, వస్తుందా రాదా, వచ్చింది అరుపు, ముందు నేల మీద కూర్చున్న పిల్లలంతా ఒక్కసారి ఎగిరిపడ్డారు, ఎవరి చంటిపిల్లో కెవ్వుమంది, తిమ్మక్క అబ్బా అని గుండెల మీద చెయ్యి వేసుకుంది, రత్న నవ్వుతూనే ఉంది, అట్లాగే, ఏ తేడా లేకుండా, చిన్న ఉడుత కాయ కొరుకుతుంటే తానూ పళ్లు కదిలిస్తూ, ఒకటి, రెండు, మూడు, అప్పుడు నీడ పడింది తెర మీద, అప్పుడు గానీ పిల్ల కళ్లు పెద్దవి కాలేదు, అప్పుడు గానీ తల్లి రొమ్ములో మొహం దాచుకోలేదు, అంజనమ్మ తల పైకెత్తింది, తెర మీద తల్లి ఉడుత నోరు తెరిచి అరుస్తోంది, మూడు పిల్లలు తొర్రలోకి పరుగెత్తాయి, నాలుగోది కొమ్మ చివర కాయ కొరుకుతూనే ఉంది, వీపు ఇటు పెట్టుకుని, తల్లి అరవడం మానేసింది, మానేసి తోక ఎత్తి కొమ్మను కొట్టింది, ఒక దెబ్బ, రెండు దెబ్బలు, కొమ్మ అదిరింది, ఆకులు రాలాయి, అరచెయ్యి ఆనించిన చిన్నది గిరుక్కున తిరిగింది, జనమంతా నవ్వారు, తోకతో కొట్టడం వాళ్లకు నవ్వులాట, గిరుక్కున, గిరుక్కున, అచ్చం నడవలో రోకలి పోటుకు తిరిగినట్టే, రోకలి మోగుతుంది, మోగడంతో పాటు నేల అదురుతుంది, బండలు అదురుతాయి, గవ్వలతో ఆడే పిల్ల అరచెయ్యి ఆ బండల మీదే ఉంటుంది.

ఉండు, తొందరపడకు, సినిమా బొమ్మను పట్టుకుని ఇంటి సంగతి తేల్చేస్తావా అంటుంది అత్త, నిజమే, తేల్చకూడదు, ఇప్పుడే చూడాలి, పిల్లను ఒళ్లోంచి దింపి బెంచీ మీద పక్కన కూర్చోబెట్టింది, మొహం తెర వైపు, తాను కొంచెం వెనక్కి వాలి పిల్ల చెవి పక్కన, వెనక నుంచి, రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టింది, గట్టిగా, ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి ఏందమ్మా అన్నాడు, రత్న తిరగలేదు, ఇంకో చెవి పక్కన కొట్టింది, రత్నా అని పిలిచింది, రత్నా, నా తల్లీ, రత్నా, ఆ మెడ వెనక వెంట్రుకలు తన ఊపిరికి కదిలాయి గానీ మెడ కదలలేదు, అప్పుడు చెయ్యి చాచి, శబ్దం రాకుండా, బెంచీ చెక్క మీద అరచేతి మొదలుతో ఒక్క పోటు వేసింది, మెత్తగా, పిల్ల గిరుక్కున తిరిగి తన మొహంలోకి చూసి నవ్వింది, ఏంటి అన్నట్టు, వచ్చానుగా అన్నట్టు, ఐదేళ్లుగా పిలవగానే వస్తూనే ఉంది ఇది, తమకు పిలవడం చేతకాలేదు, చీపురు తిరగేసింది ఈ మెడ మీదే, ఈ వీపు మీదే, నీళ్ల కాగు దగ్గర తాను అరిచిన అరుపు ఎవరికి అరిచినట్టు, వీధిలో వాళ్లకు అరిచింది, గోడలకు అరిచింది, అంజనమ్మకు ఏడుపు వచ్చింది, ఏడుపుతో పాటే ఏదో దిగిపోయినట్టు వీపు తేలికయింది, తేలికయినందుకు సిగ్గువేసింది, చెవులు రావేమో, బెంగళూరు ఆస్పత్రికి పోయినా రావేమో, అప్పుడేం చేయాలో ఏమో, తెలియదు, తెలియనిది కొండంత ఉంది, తెలిసింది మాత్రం ఒకటుంది.

ఏమ్మే ఏడుస్తాండావు, బొమ్మకు ఏడుస్తారా యాడన్నా, ఉడుత పిల్ల బతికిందిలే, అని తిమ్మక్క శనక్కాయల చెయ్యి తన మోకాలి మీద వేసింది, అక్కా, రత్నకు చెవులు ఇనపడవు, అంది అంజనమ్మ, మామూలుగానే అంది, సంతలో కూర ధర చెప్పినట్టు, తిమ్మక్క ఒలుస్తున్న కాయ వదిలేసి పిల్ల వైపు చూసి, మరి రోకలికి వస్తాండాది కదే, అంది, నేల అదిరితే వస్తాండాదక్కా, మోతకు కాదు, తిమ్మక్క ఒళ్లోని శనక్కాయలు పక్కకు తోసి, మీ అత్తకు ఎవరు చెప్తారు, రేపే కదమ్మే బస్సు, అంది మెల్లగా, ఎవరు చెప్తారు, గంగాధరప్ప చెప్పడు, అటు తిరిగి పడుకుంటాడు, తిమ్మక్క చెబితే ఎదురింటి దానికి మా ఇంట్లో ఏం పని అంటారు, మేష్ట్రు లేడు, డాక్టరు లేడు, ఐదో క్లాసు పండితురాలు చెబితే నవ్వుతారు, నవ్వితే తానూ కలిసి నవ్వడం అలవాటు, ఈ ఇంటికి వచ్చి ఏడేళ్లు, ఇన్నేళ్లలో కెంపమ్మ మొహం చూసి కాదు అన్నది ఒక్కసారీ లేదు, కాదు అనే మాట నోట్లో ఎట్లా ఉంటుందో కూడా తెలియదు, లోపల ఎక్కడో ఇరుక్కుని ఉంది, పెదవులు కదిపి చూసింది చీకట్లో, కాదు, మళ్లీ కదిపింది, రత్న ఆ పెదవులనే చూస్తూ తన పెదవులూ అట్లాగే కదిపింది, శబ్దం లేకుండా, సరిగ్గా అట్లాగే, ఎంత బాగా కదిపిందో, అప్పుడు అంజనమ్మ లోపల తిరుగుతున్నవన్నీ ఒక్కొక్కటిగా ఆగాయి, ఈ పిల్ల నాలుకలో ఏ తప్పూ లేదు, ఆ సంగతి ఇంట్లో తనొక్కదానికే తెలుసు, రేపు తెల్లవారి కెంపమ్మ పిల్ల చెయ్యి పట్టుకునే ముందు ఆ ఇంట్లో మాట రావాల్సింది రత్నకు కాదు, తనకు.