బుజ్జమ్మగారికి పది పేజీలు

నూజివీడులో మామిడికాయల కమీషన్ వ్యాపారం చేసే మురళీకృష్ణకి నవలల పిచ్చి ఉందంటే యార్డులో ఎవరూ నమ్మరు. అవి ఏ డిటెక్టివ్ నవలలో అయితే సరే అనుకునేవాళ్ళేమో. ఆయన చదివేది ప్రేమకథలు, అదీ పాతకాలపువి. కొండ కింద ఒంటరిగా నిలబడ్డ మేడ, ఆ మేడలో తాళం వేసిన గది, తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగే ముసలి దాసి, అంతా తెలిసీ నోరు విప్పని జమీందారు, ఏమీ తెలియకుండా అక్కడికి వచ్చిపడ్డ ఒక ఆడపిల్ల. ఇవి ఉంటే చాలు, యాభై నాలుగేళ్ళ మనిషి అన్నం మాట మరిచిపోతాడు.

ఆయన భార్య వరలక్ష్మి పుస్తకం ముట్టేది కాదు. అక్షరం చూస్తే నిద్రొస్తుందనేది. కానీ కథ మాత్రం కావాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఉంటే, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని ఆ రోజు చదివింది చెప్పేవాడు.

"ఇంతకీ ఆ మేడలో ఏం వండుకున్నారు?" అని ప్రతిసారీ అడిగేది.

పుస్తకంలో అలాంటివి ఉండవు. ఆయనే కల్పించేవాడు. దయ్యం తిరిగే మేడలో పనసపొట్టు కూర వండించేవాడు.

"దసరా రోజులన్నారుగా, పనసకాయ ఎక్కడిదండీ?" అని పట్టుకునేది. అప్పుడు దాన్ని గుత్తివంకాయ చేసేవాడు.

పోయిన కార్తీకంలో వరలక్ష్మి చనిపోయింది. తలలో నరం చిట్లింది. విజయవాడ తీసుకెళ్ళారు. మూడో రోజు ఇంటికి తీసుకొచ్చారు.

మురళీకృష్ణ ఏడవలేదు. ఒక్కగానొక్క కూతురు యశస్విని హైదరాబాదు నుంచి వచ్చి నెల రోజులు ఉంది. నాన్న ఎప్పుడు బద్దలవుతాడోనని కనిపెట్టుకుని చూసింది. ఆయన వేళకి స్నానం చేశాడు, పెట్టింది తిన్నాడు, అడిగినదానికి జవాబు చెప్పాడు. "ఎలా ఉంది నాన్నా?" అంటే "బాగానే ఉందమ్మా" అన్నాడు. అది అబద్ధం కాదు. ఎక్కడా నొప్పి లేదు. పన్ను పీకేముందు ఇంజెక్షన్ చేస్తే దవడ మనది కానట్టు ఉంటుంది చూడండి, ఆయనకి ఒళ్ళంతా అలాగే ఉంది. కూతురు సెలవు అయిపోయి వెళ్ళిపోయింది. బస్సు ఎక్కించి ఇంటికొచ్చి ఫ్యాను వేసుకుని కూర్చున్నాడు.

ఉగాది తరవాత కోతలు జోరందుకున్నాయి. తెల్లారేసరికి యార్డులో ఉండేవాడు. రెడ్డిగూడెం నుంచి వచ్చిన లోడు చూసి, కాయ మీద మంగు మచ్చలున్నాయని పది అడుగుల దూరం నుంచే చెప్పేవాడు. రసాలని చేత్తో తడిమి, ఇవి రెండు రోజులు ముందు కోశారనేవాడు. రైతులు గొడవపడితే నెమ్మదిగా సర్దిచెప్పేవాడు. "ఈ ఏడు మురళీగారు చాలా శాంతంగా ఉన్నారు" అని కూడా అనుకున్నారు కొందరు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అదే కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచేవాడు. పేజీలు తిరిగేవి. మూసేవాడు.

*

నూజివీడులో కృపావతిగారింటి మేడ మీద ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం ఆరుగురు కలుస్తారు. కృపావతిగారు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. అందరికీ ఈ పాత మేడల కథలే ఇష్టం. ఎవరు ఇప్పుడు ఏం చదువుతున్నారో చెప్పుకోవడం, ఒకరి పుస్తకం ఒకరు పట్టుకెళ్ళడం, టీ తాగడం. నాలుగేళ్ళుగా నడుస్తోంది. ఆ ఆరుగురిలో మగవాడు మురళీకృష్ణ ఒక్కడే.

అయిదు నెలలు ఆయన వెళ్ళలేదు. ఏప్రిల్లో కృపావతిగారే ఫోన్ చేశారు. "మీరు రాకపోతే మాగాయకి ఏ కాయ తీసుకోవాలో మాకెవరు చెప్తారండీ?" అన్నారు. వెళ్ళకపోవడానికి కారణం వెతుక్కోవాలి. అంత ఓపిక లేక వెళ్ళాడు.

ఆ రోజు మొదట చెప్పింది సాయి ప్రియ. ఊరిచివర క్యాంపస్‌లో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఆ పిల్ల చదివేవన్నీ ఇంగ్లీషువి, ఫోన్లోనే చదువుతుంది. సముద్రం ఒడ్డున కోట, చుట్టూ పొగమంచు, నల్ల కోటు వేసుకున్న దొర.

"అసలు ఆ హీరో మొదటి భార్య ఏమైందో ఎవ్వరికీ తెలీదండీ! చనిపోయిందంటాడు కానీ..." అని ఉత్సాహంగా మొదలుపెట్టి ఆగిపోయింది. మురళీకృష్ణ వైపు చూసి నాలుక కరుచుకుంది. గదిలో అందరూ తమ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

ఇక్కడ తనకి ఏదో అనిపించాలని మురళీకృష్ణకి తెలుసు. కాసేపు ఆగి చూశాడు. ఏమీ రాలేదు.

"చెప్పమ్మా, తరవాత ఏమైంది?" అన్నాడు.

ఆయన వంతు వచ్చింది. ఒళ్ళో పుస్తకం ఉంది. "కలువలగడ్డ దివాణం". పాత నవల, అట్ట ఊడిపోతే మళ్ళీ బైండు చేయించింది. నూట పన్నెండో పేజీ దగ్గర బస్సు టికెట్ పెట్టి ఉంది.

"కథ ఏంటంటే అండీ..." అన్నాడు.

అంతే. తరవాత మాట లేదు. నూట పన్నెండు పేజీలు చదివాడు. అందులో ఒక అమ్మాయి ఉండాలి. పేరు రాలేదు. మేడ ఉండాలి. ఎక్కడో తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా చదివిన నవలల్ని దాసీల పేర్లతో సహా చెప్పగలిగిన మనిషి, పుస్తకం అట్ట వైపు చూస్తూ ఉండిపోయాడు.

"చదివానండీ. గుర్తు లేదు," అన్నాడు చివరికి.

"ఫరవాలేదండీ, ఎండలు కదా," అన్నారు కృపావతిగారు, ఎండలకీ దానికీ ఏం సంబంధమో తెలియకుండానే.

మూల కుర్చీలో బుజ్జమ్మగారు కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్ళు. చాట్రాయి దగ్గర పన్నెండెకరాల మామిడితోట వాళ్ళది. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరి, ఏడాదిగా అక్షరం కనబడటం లేదు. ఆపరేషన్ చేయించుకోమంటే, కాయ దిగేదాకా కుదరదని కూర్చుంది. అయినా ప్రతి నెలా బస్సెక్కి వచ్చి మిగతావాళ్ళు చెప్పేది విని వెళ్తుంది.

"నిన్న చదివింది కూడా గుర్తు లేదా బాబూ?" అని అడిగింది.

"లేదండీ."

"ఇవాళ పొద్దున చదివింది?"

"లేదండీ."

"అయితే మర్చిపోయేలోపలే చెప్పెయ్యండి. పది పేజీలు చదవండి, పుస్తకం మూయకుండానే నాకు ఫోన్ చెయ్యండి. మొదటినుంచీ మొదలుపెట్టండి, నేను వినలేదుగా. మీకేమోగానీ, నాకు సొంతంగా ఒక కథంటూ లేక ఏడాదైంది."

కాదనడానికి కూడా కాస్త బలం కావాలి. "సరేనండీ" అన్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం పది పేజీలు చదివి ఫోన్ చేశాడు. లోడులో కాయ ఎలా ఉందో ఫోన్లో చెప్పే గొంతుతోనే కథ చెప్పాడు. అమ్మాయి పేరు సువర్చల. తాళపత్రాలకి నకళ్ళు రాసే లేఖకుడి కూతురు. తండ్రికి చూపు పోతే, ఆయన బదులు తనే కలువలగడ్డ దివాణానికి వచ్చింది. జమీందారు విజయభూపతి ముప్పై రెండేళ్ళవాడు, నవ్వడు. తూర్పు వైపు గదులు తెరవకూడదన్నాడు. సువర్చల సాయంత్రం రాసిపెట్టిన నకలు పొద్దున చూస్తే, అందులో తప్పులు ఎవరో దిద్ది ఉన్నారు. ఆ దస్తూరీ దివాణంలో ఎవరిదీ కాదు.

"అబ్బ!" అంది బుజ్జమ్మగారు. "ఆ దివాణానికి భూమి ఎంతుంది?"

"పుస్తకంలో చెప్పలేదండీ."

"నీళ్ళెక్కడివి? చెరువా, ఏరా?"

"అదీ చెప్పలేదండీ."

"ఏం రాసేవాళ్ళో! నీళ్ళ సంగతి చెప్పకుండా జమీందారీ ఎలా నడుస్తుంది?" అని చిరాకుపడింది.

వరలక్ష్మికైతే ఒక చెరువు తవ్వించి ఉండేవాడు. ఇప్పుడు కల్పించబుద్ధి కాలేదు. "రేపు చేస్తానండీ" అని పెట్టేశాడు.

అలా రోజూ. యార్డు నుంచి రావడం, తినడం, పది పేజీలు, ఫోన్. ఆవిడకి విజయభూపతి మొదటినుంచీ నచ్చలేదు. "వాడు మంచోడు కాదు, ముందే చెప్తున్నా" అనేది. సువర్చల వెంటనే ఇంటికి వెళ్ళిపోవాలని ఆవిడ అభిప్రాయం. "తెలియని చోట తప్పులు దిద్దేవాళ్ళుంటే, ఆ చోట ఉండకూడదు బాబూ" అనేది. ఆయన "ఊఁ" అనేవాడు.

ఒకరోజు మాత్రం ఇబ్బంది వచ్చింది. వాన కురుస్తోంది, తూర్పు వసారాలో విజయభూపతి, సువర్చల ఇద్దరే ఉన్నారు. అక్కడ రచయిత ధారాళంగా రాశాడు. మురళీకృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"తరవాత ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారండీ. తెల్లారి..."

"ఎంతసేపు మాట్లాడుకున్నారు?"

"రెండు పేజీలండీ."

"ఆ రెండు పేజీలూ వదిలేస్తే ఎలా బాబూ? ఇన్నాళ్ళూ విన్నది దానికోసమేగా!"

ఆయన చదివి వినిపించాడు. ఆవిడ అడ్డు రాకుండా వింది. "పర్లేదు, వాడికి మాటలొచ్చు," అని ఒప్పుకుంది.

మే నెల మధ్యలో ఒకరోజు ఆయన ఫోన్ చేయలేదు. పుస్తకం ఒళ్ళో తెరిచే ఉంది. ఒక్క పేజీ కూడా తిరగలేదు. నాలుగింటికి ఆవిడే చేసింది.

"ఒంట్లో బాగాలేదా బాబూ?"

"బాగానే ఉందండీ. ఇవాళ మా పెళ్ళిరోజు."

అవతల నుంచి తోటలో ఎవరో కేకలేస్తున్న శబ్దం, ట్రాక్టర్ వెనక్కి వస్తున్న శబ్దం వినబడ్డాయి. ఓదార్పు మాట ఏదో వస్తుందని, దానికి తను "అవునండీ" అనాలని ఆయన సిద్ధంగా ఉన్నాడు.

"అయితే ఇవాళ్టికి అయిదు పేజీలు చాలు," అంది ఆవిడ. "చదువుకుని చెయ్యండి. నేను ఇక్కడే ఉంటా."

ఆయన అయిదు పేజీలు చదివాడు. చేశాడు. చెప్పాడు.

*

కాయ దిగిపోయింది. జూన్ మొదటివారంలో పుస్తకమూ అయిపోయింది. తప్పులు దిద్దింది దయ్యం కాదు. ఎప్పుడో చనిపోయిందని ఊరికి చెప్పి తూర్పు గదిలో దాచిన విజయభూపతి నాయనమ్మ. ఆడది చదువుకుందని తెలిస్తే పరువు పోతుందని ఆవిడ భర్త చేసిన పని అది. విజయభూపతి తలుపు తెరిచాడు. సువర్చల పెళ్ళికి ముందు ఆ ముసలావిడకి తాటాకులూ గంటమూ ఇచ్చింది.

"అనుకున్నా," అంది బుజ్జమ్మగారు. తరవాత ముక్కు చీదుకుంది. "పైవారం నాకు కన్ను ఆపరేషన్. ఒక్కొక్కటే చేస్తారంట. మళ్ళీ నేనే చేస్తా, మీరు చెయ్యకండి."

ఫోన్ లేని మధ్యాహ్నాలు మూడు వారాలు గడిచాయి. మురళీకృష్ణ కొత్త పుస్తకం ఏదీ తెరవలేదు. ఫ్యాను కింద కూర్చునేవాడు. కూతురు ఫోన్ చేస్తే బాగానే ఉందమ్మా అనేవాడు.

జూలై మొదటి ఆదివారం కృపావతిగారింటికి వెళ్ళాడు. బుజ్జమ్మగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. ఆయన వంతు వచ్చినప్పుడు కలువలగడ్డ దివాణం కథ మొదలుపెట్టాడు. సువర్చల తండ్రి పేరు దగ్గర నుంచి తూర్పు గది తాళంచెవికి ఎన్ని పళ్ళో దాకా వరసగా వచ్చింది. అరగంట చెప్పాడు. సాయి ప్రియ నోరు తెరుచుకుని వింది. "ఆ పుస్తకం నాకివ్వండి అంకుల్" అని చేయి చాపింది.

అందరూ సంతోషించారు. ఆయనకి సంతోషం అని చెప్పదగ్గదేమీ కలగలేదు. కథ గుర్తుంది, అంతవరకు నిజం. టీ చల్లారిపోయిందని గమనించి తాగేశాడు. వెళ్ళేటప్పుడు బుజ్జమ్మగారు కృపావతిగారి అలమారలోంచి ఒక లావుపాటి నవల ఏరుకుని సంచిలో వేసుకోవడం చూశాడు.

మూడు రోజుల తరవాత, మధ్యాహ్నం రెండింటికి ఆయన యార్డులోని షెడ్డులో ఉన్నాడు. సీజన్ ముగిసింది. మనుషులు ఖాళీ ట్రేలు కడిగి ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. ఫోన్ మోగింది.

"నేనే బాబూ. డాక్టరు రోజుకి కాసేపు చదువుకోవచ్చన్నాడు. పది పేజీలు చదివా. ఈసారి నేను చెప్తా, మీరు వినండి."

"సరేనండీ."

"ఇది సముద్రవ్యాపారం చేసేవాళ్ళ కథ. పాత మచిలీపట్నం. ఒక పెద్ద షావుకారు ఉంటాడు, ఆయనకి ఒక తమ్ముడు. చివర్లో తెలిసేదేంటంటే ఆ తమ్ముడే హంతకుడు."

మురళీకృష్ణ ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు.

"ఏంటండీ?"

"తమ్ముడే చంపాడు. వదిన మీద మనసుపడి. సరే, మొదట్లో ఏమవుతుందంటే..."

"ఆగండాగండి. పది పేజీలే చదివానన్నారుగా?"

"మొదటి అయిదూ, చివరి అయిదూ చదివా. నేనెప్పుడూ అంతే బాబూ. నా వయసుకి చివర ముందు చూసుకోవడం మంచిది."

"మరి నాకెందుకు చెప్పేశారండీ!"

"చెప్పమన్నారుగా!"

"చివర చెప్పమన్నానా? హంతకుడెవరో మొదటిరోజే చెప్పేస్తే ఇంక నాలుగొందల పేజీలు ఏం వినాలండీ? కథ చెప్పే పద్ధతేనా ఇది? నేను మీకలా చెప్పానా? తూర్పు గదిలో ఎవరున్నారో ఆఖరిదాకా అన్నానా?"

ట్రేలు పేరుస్తున్న చప్పుడు ఆగిపోయింది. షెడ్డులో మనుషులు పని ఆపి ఆయన వైపే చూస్తున్నారు. ఈ ఏడు సీజన్ మొత్తంలో ఆయన గొంతు అంత పైకి లేవడం వాళ్ళు వినలేదు. మురళీకృష్ణకి చెవులు వేడెక్కాయి. చేత్తో ముట్టుకుని చూసుకున్నాడు. నిజంగానే వేడిగా ఉన్నాయి.

"కోపమొచ్చిందా బాబూ?" అంది బుజ్జమ్మగారు, కొంచెం భయంగానూ, కొంచెం తెలుసుకోవాలనీ.

ఆయన షెడ్డు గుమ్మం దాకా నడిచి, నీడ ఉన్నచోట తిరగేసిన ట్రే ఒకటి చూసుకుని దాని మీద కూర్చున్నాడు.

"వచ్చిందండీ," అన్నాడు.

"మరి వేరే పుస్తకం తియ్యమంటారా?"

"వద్దులెండి. మొదటినుంచి చెప్పండి. ఆ షావుకారుకి ఎన్ని ఓడలున్నాయి?"

"ఉండండి, రాశారేమో చూసి చెప్తా," అందావిడ. పేజీలు తిరిగిన చప్పుడు వినబడింది.