నూకరత్నం కూర్చుని రేకు తీసింది

నేను ఒక తిరుగుడు స్టూలుని. ఎడమవైపు తిప్పితే పైకి లేస్తాను, కుడివైపు తిప్పితే కిందికి దిగుతాను. ఎక్కిన చోటే పాతుకుపోవాలన్న ఆశ మనుషులకే గాని నాకు లేదు.

రావులపాలెంలో ఒక వడ్రంగి నన్ను చేసి సూరిబాబు ఫోటో స్టూడియోలో పెట్టాడు. వీధిలో పకపకా నవ్వుతూ వచ్చినవాళ్ళు నా మీద కూర్చోగానే కొయ్యబారిపోయేవారు. పైగా ఫోటో చూసుకుని "నేనిలా ఉంటానా?" అని సూరిబాబు మీద పడేవారు. ఫోన్లలో కెమెరాలు వచ్చాక స్టూడియో మూతపడింది. సూరిబాబు నన్ను ఆత్రేయపురంలోని తన చెల్లెలు నూకరత్నం ఇంటికి చేర్చాడు.

నూకరత్నం పూతరేకులు చేస్తుంది. పిండినీళ్ళలో ముంచిన బట్టని బోర్లించిన వేడికుండ మీద పరిచి లాగితే, కుండకి పల్చటి రేకు మిగులుతుంది. ఆ విద్య నేర్పింది అత్త అచ్చాయమ్మ. నేల మీద పీటేసుకుని, పొయ్యి ముందు వంగి చేయడం అక్కడి ఆనవాయితీ.

కానీ నూకరత్నానికి మెడ నుంచి మడమల దాకా ఒకటే నొప్పులు. డాక్టర్లు పరీక్షలన్నీ బాగానే ఉన్నాయనేవారు. దాంతో అత్తతో సహా చుట్టాలంతా బద్ధకమని తేల్చేశారు. చివరికి రాజమండ్రి డాక్టరమ్మ, పరీక్షలకి దొరకని ఈ ఒంటినొప్పుల జబ్బుని ఫైబ్రోమయాల్జియా అంటారని చెప్పింది. "పూర్తిగా పోదమ్మా, కానీ పని మానక్కర్లేదు. చేసే తీరు మార్చుకో" అంది. తన నొప్పికి ఒక పేరుందని తెలిసి నూకరత్నం ఆనందంతో ఏడ్చేసింది. రేకు తీయడం ఎక్కడ మానేయాల్సొస్తుందోనన్నదే అప్పటిదాకా ఆమె బెంగ.

సూరిబాబు గట్టు కట్టించి పొయ్యినీ కుండనీ దాని మీదికి ఎక్కించాడు. ఆమె నడుం వంగకుండా నన్ను సరిపడా పైకి తిప్పాడు. అచ్చాయమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"స్టూలెక్కి రేకు తీసేదాన్ని ఎక్కడన్నా సూశామా? రేపు మంచమెక్కి తీత్తావేంటే?"

నూకరత్నం నవ్వేసి పని మొదలెట్టింది. పొద్దున్నే బిగుసుకుపోయిన వేళ్ళని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టేది. పిండిగిన్నె మోచేతి ఎత్తులో ఉండేది, నీళ్ళబిందె మొగుడు మోసేవాడు. ఫోన్లో పెట్టుకున్న అలారం మోగగానే, అలసట రాకముందే లేచి, భుజాలు తిప్పుకుంటూ పెరట్లో నాలుగడుగులు వేసేది. సాయంత్రం కాలవగట్టు మీద నెమ్మదిగా నడక, ఆపైన వేళకి నిద్ర. నొప్పులు తిరగబెట్టిన రోజున గోడకి ఆనుకుని రేకులు చుట్టడం మాత్రమే చేసేది. ఆ రోజులు తగ్గాయి గాని మాయం కాలేదు.

అసలు చిక్కు ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజుతోనే. ఆ రోజు వారం పని నెత్తినేసుకునేది, మర్నాటి నుంచి మంచం దిగేది కాదు. ఎన్నిసార్లు దెబ్బతిన్నా బుద్ధి వచ్చేది కాదు.

శ్రావణంలో పెళ్ళివారి ఆర్డరు వచ్చింది. ఆ పొద్దున నూకరత్నం మహా హుషారుగా ఉంది. అలారం మోగితే దాని నోరు నొక్కేసింది. మళ్ళీ మోగితే మళ్ళీ నొక్కేసింది. ఆపమందామంటే స్టూలు మాట వినేదెవరు?

ఇంతలో అచ్చాయమ్మ వచ్చింది. పొయ్యిలోంచి కొబ్బరాకులు బయటికి లాగి నీళ్ళు చల్లేసింది.

"లెగు."

"అత్తా! పెళ్ళోరు రేపొత్తారు..."

"ఆళ్ళకి నేను సెప్పుకుంటాను. సాలకపోతే ఆ మిగిలినియ్యి పీటేసుకుని నేను తీత్తాను. రేకులు ఎప్పుడైనా వత్తాయే. రేపు నువ్వు లెగాల నాకు."

నూకరత్నం నా మీంచి దిగి, అత్త భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. బద్ధకం అన్న నోటి నుంచే ఆ మాట వినడం ఆమెకి మందు కన్నా బాగా పనిచేసిందని నేను ఒట్టేసి చెప్పగలను.

మర్నాడు తెల్లవారగానే అచ్చాయమ్మ చీపురు పట్టుకుని కోడలి గది ముందు ఊడ్చిన చోటే ఊడుస్తూ నిలబడింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. నూకరత్నం గోడ పట్టుకోకుండా నడిచి వచ్చింది.

అచ్చాయమ్మ చీపురు పక్కన పడేసి, "అయితే పొయ్యి ముట్టించనా?" అంది.