ఖాళీ బండి తూకం

"బిందె చంకన ఉన్నంతసేపు నోరు విప్పొద్దు." పెళ్ళై ఈ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే అత్తయ్య నాకు చెప్పిన మాట ఇది. బావిలో నీళ్ళు తోడి దేవుడి గదికి చేర్చేదాకా నన్నెవరూ ముట్టుకోకూడదు, నేనెవరితోనూ మాట్లాడకూడదు. మాట్లాడితే నీళ్ళలో తుంపర పడుతుందట. ఎవరైనా తగిలితే మైలపడినట్టే. నీళ్ళన్నీ పారబోసి, మళ్ళీ తలారా స్నానం చేసి, తడిబట్టతో మళ్ళీ తోడాలి. ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం పెరట్లో కూర్చుని చింతపండుతో ఇత్తడి బిందెలు తోముతుంటే అత్తయ్య వచ్చి ఆ మాట ఇంకోసారి గుర్తుచేసి వెళ్ళారు. రేపు వీధిలోంచి మోసుకెళ్ళాలి కదా, అందుకని. రోజూ మోసే బిందెలు రెండు. ఆ రోజు అటక మీది నుంచి దింపినవి డజను.

తెల్లవారితే శ్రీశైలం ప్రయాణం. మాది గౌలిపురలో తరతరాలుగా గుడి సేవ చేసుకునే ఇల్లు. మామయ్య విఠల్‌రావుగారు బయట నీళ్ళు తాగరు. అత్తయ్య బయటి వంట ముట్టరు. అందుకే ఇద్దరూ ఊరు దాటింది తక్కువ. మా ఆయన శ్రీనాథ్ ఫోన్లో విదేశాల వీడియోలు చూసీ చూసీ దీనికొక దారి కనిపెట్టారు. పెద్ద పికప్ బండి కొని, దాని వెనక లాక్కెళ్ళే ఇల్లు ఒకటి సంతోష్‌నగర్ అవతల బండ్లు కట్టే తౌఫీఖ్ గారి షెడ్డులో కట్టించారు. క్యాంపర్ అంటారు దాన్ని. లోపల పడకలు, వంటిల్లు, దేవుడి గూడు, స్నానాల గది. అత్తయ్య ప్లాస్టిక్ ట్యాంకు నీళ్ళు దేవుడికి పనికిరావన్నారని బిందెలు కుదురుగా కూర్చోవడానికి గుండ్రటి కంతలతో ఒక ఇనుప అర కూడా చేయించారు. కదిలే మడి వంటిల్లు అని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్నారు. నాతో మాత్రం, "నీకేంది గోదా, ఇల్లంతా నీ వెంటనే వస్తది. ఇంట్ల ఉన్నట్టే ఉంటది నీకు" అన్నారు. మెచ్చుకుంటానని ఎదురుచూశారు. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఉన్నట్టే ఉండటానికి అంత దూరం వెళ్ళడమెందుకో నాకైతే తెలియలేదు. అయినా నవ్వాను.

నేను గుడిమల్కాపూర్ మార్కెట్ దగ్గర ఒక ధర్మకాంటా ఆఫీసులో పనిచేస్తాను. కూరగాయల లారీ వస్తే నిండుగా ఒకసారి, దించాక ఖాళీగా ఒకసారి తూచి చీటీ ఇవ్వడం నా పని. నేను సరేనంటే లారీ కదులుతుంది, కాదంటే ఆగుతుంది. అక్కడ మీసాలు తిప్పే డ్రైవర్లు కూడా "మేడం, మీరు చెప్తే అయిపాయె" అని చేతులు కట్టుకుంటారు. సాయంత్రం ఇంటి గడప దాటగానే నాకు కూడికలు కూడా రావని అందరూ అనుకుంటారు. ఒకే మనిషి, మధ్యలో రెండు బస్సుల దూరం. అంత తేడా ఎట్లా వస్తుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మాది మామూలు ట్రాలీలాగా వెనక కొక్కేనికి తగిలించే క్యాంపర్ కాదు. దాని ముక్కు పికప్ డబ్బాలోకి చొచ్చుకొచ్చి, వెనక ఇరుసు మీద బిగించిన గుండ్రటి ఇనుప పళ్ళెంలో కూర్చుంటుంది. పెద్ద ట్రెయిలర్ లారీలకు ఉండేదీ అదే, ఫిఫ్త్ వీల్ అంటారు. అట్లా కూర్చుంటే క్యాంపర్ బరువులో ఐదో వంతు దాకా పికప్ నడుం మీదే పడుతుంది. లాగడం వేరు, మోయడం వేరు. ఈ బండి రెండూ చెయ్యాలి. కంపెనీ వాళ్ళు రెండు టన్నులు లాగుతుందన్నారు. క్యాంపర్ పద్దెనిమిది వందల కిలోలు తూగింది. ఇంకా రెండు వందలు మిగిలింది కదా అని మా ఆయన సంబరం. కానీ ఆ తూకం వేసింది ఖాళీ క్యాంపర్‌కి. వాహన పూజ కాకముందు కొత్త బండిలో చెంబు కూడా పెట్టొద్దని అత్తయ్య పట్టుబట్టారు. దాంతో తూకమూ ఖాళీగానే అయింది, షంషాబాద్ దాకా తోలి చూసిందీ ఖాళీగానే. "పువ్వు లెక్క వచ్చింది" అని ఆయన తిరిగొచ్చి మురిసిపోయారు. పూజ అయ్యాక మళ్ళీ తూచాలని ఎవరికీ తోచలేదు.

నాకు తోచింది. మొన్న భోజనాల దగ్గర చారు వడ్డిస్తూ, సామాను బరువు లెక్కలో కలిపారా అని అడిగాను. ఆయన తల ఎత్తలేదు. "సామాన్లేముంటయి, నాలుగు గిన్నెలు" అన్నారు. మా మరిది శ్రీపాద, ఇది కూరగాయల లారీ కాదు వదినా అని నవ్వాడు. లెక్కలు వాళ్ళు చూసుకుంటరు తియ్యమ్మా అని మామయ్య సర్దిచెప్పారు. రెండు గ్యాస్ సిలిండర్లు, రుబ్బురోలు, బియ్యం, పప్పులు, పరుపులు, డజను ఇత్తడి బిందెల నిండా నీళ్ళు, స్నానాల గది ట్యాంకు వేరే. ఇవన్నీ నాలుగు గిన్నెలు ఎట్లా అయ్యాయి? నేను చాలాసేపు ఆలోచించాను. ఈ ఇంట్లో బిందెలు వాటంతటవే నిండుతాయి, బియ్యం వాటంతటవే డబ్బాలోకి చేరతాయి, పరుపులు వాటంతటవే పరుచుకుంటాయి. ఎత్తనివాడికి బరువెందుకు తెలుస్తుంది? అత్తయ్య నడుం ఏ ఏడు వంగిందని అడిగితే కూడా వీళ్ళలో ఎవరూ చెప్పలేరు.

అంతవరకైతే ఓర్చుకునేదాన్నేమో. కానీ పికప్ సీట్లలో మామయ్య, ఆయన, వీడియోలు తీయడానికి శ్రీపాద. వెనక క్యాంపర్లో ఆడవాళ్ళం, అంటే అత్తయ్య, నేను, మా అమ్మాయి మాన్య. దారిలో పోపు పెట్టుకుంటూ రావచ్చని ఏర్పాటు. లాగే బండిలో మనుషులు కూర్చోకూడదని నేనంటే, పది నిమిషాలకొకసారి ఫోన్ చేస్తాంలే అన్నారు. మాన్యకు ఆరో తరగతి. క్యాంపర్ ముక్కు భాగంలో, సరిగ్గా ఆ ఇనుప పళ్ళెం పైన ఉన్న చిన్న పడక తనదేనని ముందే బొమ్మ తెచ్చి పెట్టుకుంది. శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటాక ఘాట్‌లో ఆ మలుపులు, ఆ దిగుడు నాకు కళ్ళలో మెదులుతూనే ఉన్నాయి. బ్రేకు తొక్కితే వెనకున్న బరువు ఆగదు, ముందున్న బండిని తోసుకుంటూ పోతుంది. కాంటా దగ్గర అట్లాంటి బండ్ల కబుర్లు నేను విన్నవే.

తెల్లవారగానే స్నానం చేసి తడిచీరతో మొదలుపెట్టాను. బండి గల్లీలోకి రాదు కనక మెయిన్ రోడ్డు మీద ఆపారు. బావి దగ్గర నింపడం, మూతికి తడిగుడ్డ కట్టడం, చంకనెత్తుకుని గల్లీ పొడుగునా నడవడం. గల్లీలో దుకాణం నడిపే షఫీఉద్దీన్ సాబ్ నన్ను చూడగానే గుమ్మం ముందున్న కుర్చీ వెనక్కి లాక్కుని, నిలబడ్డవాళ్ళను కూడా "జర హటో, రాస్తా దో" అని జరిపారు. నా తండ్రి వయసాయన. మడి అనేది ఎవరెవరిని పక్కకు జరుపుతుందో నాకు తెలియక కాదు. ఆయన జరిగినప్పుడల్లా సిగ్గేస్తుంది. సలాం చెబుదామన్నా చంకన బిందె ఉంటుంది.

ఏడో బిందె అరలో పెట్టి కిందికి దిగి చూశాను. నిన్న పికప్ వెనక టైరుకీ పైన రేకుకీ మధ్య నా పిడికిలి పట్టింది. ఇప్పుడు రెండు వేళ్ళు కూడా దూరేట్టు లేవు. ముందుభాగం గాల్లోకి లేచింది. లైట్లు రోడ్డును చూడటం మానేసి ఎదుటి మేడ రెండో అంతస్తు కిటికీల వైపు చూస్తున్నాయి. సామాన్లు సగమే ఎక్కాయి. మనుషులు ఒక్కరూ ఎక్కలేదు. మాన్య అప్పటికే పడక మీదికి పాకుతోంది.

మాన్యను దిగమన్నాను. నా గొంతు విని అది మారుమాట లేకుండా దిగింది. డ్రైవరు వైపు తలుపు తీసి ఉంది, తాళం బండికే ఉంది. తీసి బొడ్లో దోపుకున్నాను.

ఆయన అటువైపు నుంచి పరుగున వచ్చారు. ఏంది గోదా ఇది, ముహూర్తం దాటిపోతున్నది, తాళం తే అని చెయ్యి చాపారు.

"కాంటా పెట్టించినంకనే కదుల్తది" అన్నాను.

"రోడ్డు మీద లొల్లి చెయ్యకు. నాకు తెల్వదా?"

"తెల్వదు. మీరు ఖాళీ బండిని తూచిండ్రు. నింపింది నేను."

అంత సూటిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. ఇంకో అడుగు ముందుకేసి నా నడుం వైపు చెయ్యి పోనిచ్చారు. నేను కదల్లేదు. కదలకూడదని అనుకున్నాను, అంతే. అప్పుడు గల్లీ మొదట్లోంచి అత్తయ్య కేక వినిపించింది.

"ఒరేయ్, ముట్టకు. మడిల ఉన్నది."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముట్టుకుంటే ఏడు బిందెలూ పారబోయాలి, మళ్ళీ మొదటి నుంచి మొదలు. ముహూర్తమే కాదు, ఆ పూటే దాటిపోతుంది. ఇన్నేళ్ళుగా నా నోరు కట్టేసిన మడి ఆ పూట నా చుట్టూ గోడలా నిలబడింది. దాన్ని వాడుకోవడానికి నేనేమీ మొహమాటపడలేదు.

చాంద్రాయణగుట్ట దాటాక ఒక ధర్మకాంటా ఉంది. అక్కడికే పోదామని తాళం డ్రైవరు సీటు మీద పెట్టాను. ఆయన తలుపుకి అతుక్కుపోయి, గేరు మారుస్తుంటే ఎక్కడ తగులుతానోనని మోచెయ్యి ముడుచుకుని తోలారు. మలుపు దగ్గర బ్రేకు వేస్తే వెనక నుంచి ఎవరో తోసినట్టు బండి ముందుకు జరిగింది. ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

కాంటా మీద బండి ఎక్కించి ఇద్దరం దిగాం. లోపల కూర్చున్నాయన తెర వంకా, బండి వంకా చూసి, "అన్నా, లోపల ఏమున్నది? ఇసుకనా?" అని అడిగాడు. నీళ్ళు, వంట సామాను అని నేనే చెప్పాను. పికప్ బరువు తీసేసి చూస్తే క్యాంపర్ ఒక్కటే రెండు టన్నులు దాటేసింది. ఇంకా ఐదు బిందెలు, ఒక సిలిండరు, రుబ్బురోలు ఇంటి దగ్గరే ఉన్నాయి. వెనక ఇరుసు ఒక్కదాన్నే ఎక్కించి తూచమన్నాను. దాని మీద పడ్డ బరువు అది మోయగలిగినదాన్ని ఎప్పుడో దాటిపోయింది. ఆయన చీటీ తీసుకుని చాలాసేపు చదివారు. అందులో చదవడానికి రెండు అంకెలే ఉన్నాయి.

తిరిగొస్తుంటే గౌలిపుర కమాను దగ్గర, రోడ్డు మీదే చూపు నిలిపి అడిగారు. "ఏమేం తీసేద్దామంటవు?"

పెళ్ళయ్యాక ఆయన నన్ను అడిగిన మొదటి లెక్క అది. కోపం మాత్రం పోలేదు. వెనకాల ఎవరూ ఎక్కరని, మాన్యా అత్తయ్యా పికప్ సీట్లలోనే కూర్చుంటారని, శ్రీపాద బస్సుకి వస్తాడని చెప్పాను. నేనూ పికప్‌లోనే కూర్చుంటాను. దారిలో పోపులుండవు. ఆయన తల ఊపారు.

బండి ఆగగానే అత్తయ్య ఎదురొచ్చారు. విషయం విని ముఖం చిన్నబుచ్చుకున్నారు. నీళ్ళు లేకుండా ఎట్లా అని ఆమె బాధ. "అక్కడ పాతాళగంగ ఉన్నది కదా అత్తయ్యా. కృష్ణమ్మ నీళ్ళ కన్న మన బాయి నీళ్ళు గొప్పవా?" అని అడిగాను. ఆమె కాసేపు నా తడిచీర వైపు, వంగిన తన నడుం మీద వేసుకున్న చేతివైపు చూసుకున్నారు. సరే, దారికి రెండు బిందెలుంచి తక్కినవి దించమన్నారు.

మా ఆయన అలవాటుగా నా వైపు తిరిగారు.

"నేను ఎక్కించిన. దించేది మీరు" అన్నాను. మెల్లగానే అన్నాను.

ఆయన అత్తయ్య వైపు చూశారు. తల్లి తప్పిస్తుందనుకున్నారు పాపం. దించిన నీళ్ళు ఇంటి పూజకు పనికొస్తాయని, పోయి స్నానం చేసి తడిపంచతో రమ్మని ఆమె చెప్పారు. ఆయన వెళ్ళారు. కాసేపటికి నీళ్ళోడుతూ, గల్లీలో ఎవరి ముఖమూ చూడకుండా నడిచొచ్చారు. షఫీఉద్దీన్ సాబ్ మళ్ళీ కుర్చీ వెనక్కి లాక్కున్నారు. నా చంక ఖాళీగా ఉంది కనక ఈసారి సలాం చెప్పాను.

నేను ముందు తలుపు తీసి, డ్రైవరు పక్క సీటులో కూర్చుని, బండికున్న తాళం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మాన్య బొమ్మతో సహా వెనక సీటులోకి వచ్చి చేరింది. పక్క అద్దంలో ఆయన కనిపిస్తున్నారు. మొదటి బిందె అరలోంచి లేపి చంకకెత్తుకోబోయి ఒక పక్కకు ఒరిగిపోయారు. రెండు చేతులతో పట్టుకుని, నడుం వంచి, ఎట్లాగో మెట్టు దిగారు. నీళ్ళు ఛాతీ మీదికి తొణికాయి.

"అమ్మా, గింత బరువుంటదా ఇది?" అన్నారు.

అత్తయ్య దారి వదిలి పక్కకు జరిగారు.

"బిందె చంకన ఉన్నంతసేపు నోరు విప్పొద్దు" అన్నారు.